ఇట్లు, యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ

మన క్లాసులో పైథాన్ రాని వాళ్ళని వెతికి పట్టుకోవాలి. కానీ వార్డెన్‌కి ఇంగ్లిష్‌లో ఒక లీవ్ లెటర్ రాయాలంటే మాత్రం ఫ్లోర్ మొత్తం ఒకే పాత లెటర్ చుట్టూ తిరుగుతుంది. పేరు మారుతుంది, తేదీ మారుతుంది, 'ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్' మాత్రం మారదు. అక్క పెళ్ళికి ఊరెళ్ళే వాడికి కూడా జ్వరమే!

నాలా ఇంగ్లిష్ మీడియంలో చదివిన వాళ్ళకి కూడా స్కూల్లో లెటర్ అంటే ఒక మార్కుల ప్రశ్న. ఫార్మాట్‌కి ఇన్ని, కంటెంట్‌కి ఇన్ని అని మార్కులు వేసేవాళ్ళు. కాలేజీకి వచ్చాక మార్కులు పోయి అవసరం వచ్చింది. స్కాలర్‌షిప్ ఆగితే బ్యాంకుకి రాయాలి. మెమోలో పేరు తప్పు పడితే ఎగ్జామ్ బ్రాంచ్‌కి రాయాలి. ఇంటర్న్‌షిప్ కావాలంటే ముక్కూ మొహం తెలియని మనిషికి మెయిల్ పెట్టాలి. ఇప్పుడు తప్పు రాస్తే పోయేది అర మార్కు కాదు, డబ్బో, ఒక సెమిస్టరో. అందుకే ఈ సంచికలో ఇంగ్లిష్ ఉత్తరాల సంగతి మన తెలుగులోనే మాట్లాడుకుందాం.

ముందు ఒక్క ప్రశ్న: చదివేది ఎవరు?

ఫార్మల్ అంటే పెద్ద పెద్ద పదాలు, ఇన్‌ఫార్మల్ అంటే చిన్న పదాలు అని చాలామంది అనుకుంటారు. అసలు తేడా పదాల్లో లేదు, చదివే మనిషిలో ఉంది. ఫార్మల్ లెటర్ చదివే మనిషికి మనం తెలియదు. ఆయన బల్ల మీద మనదాంతో పాటు ఇంకో నలభై కాగితాలు ఉంటాయి. చదివి ఏదో ఒక పని చెయ్యాలి, తర్వాత ఆ కాగితాన్ని ఫైల్‌లో పెట్టాలి. ఆరు నెలల తర్వాత ఆ సీట్లోకి వచ్చిన ఇంకొకరు తీసి చూసినా విషయం అర్థం కావాలి.

ఇన్‌ఫార్మల్ లెటర్ చదివే మనిషికి మనం బాగా తెలుసు. వాళ్ళకి సమాచారం కంటే మనం కావాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతా రూల్స్ అన్నీ దాంట్లోంచే వస్తాయి.

ఫార్మాట్ కాదు, ప్రోటోకాల్

సీఎస్ఈ వాళ్ళకి ఇది తేలిగ్గా ఎక్కుతుంది. 1982లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 822 అనే డాక్యుమెంట్ ఈమెయిల్ మెసేజ్ ఎలా ఉండాలో చెప్పింది: పైన హెడర్ లైన్లు, తర్వాత ఒక ఖాళీ లైను, ఆ కింద బాడీ. ఇప్పుడు మన ఫోన్లో తిరిగే మెయిల్స్ కూడా ఇదే పద్ధతిలో ఉన్నాయి. కాగితం మీద రాసే ఫార్మల్ లెటర్‌దీ ఇదే నిర్మాణం. పై భాగం దారి చూపించడానికి, కింది భాగం విషయం చెప్పడానికి.

ఫ్రమ్ అడ్రస్ ఎందుకంటే, జవాబు ఎక్కడికి పంపాలో తెలియాలి. తేదీ ఎందుకంటే, గడువులన్నీ దాని నుంచే లెక్క. టు దగ్గర మనిషి పేరు కంటే హోదా ముఖ్యం. మేనేజర్ ట్రాన్స్‌ఫర్ అయినా ఉత్తరం ఆ కుర్చీకి చేరాలి కదా. సబ్జెక్ట్ లైను ఫంక్షన్ పేరు లాంటిది, చూడగానే లోపల ఏం జరుగుతుందో తెలియాలి. 'రిక్వెస్ట్' అని ఊరుకుంటే చాలదు, ఏ పని కోసం రిక్వెస్టో చెప్పాలి. ఇంతకు ముందు అదే విషయం మీద రాసి ఉంటే రిఫరెన్స్ అని పాత ఉత్తరం తేదీ, నంబరు వెయ్యాలి. దాంతో పాత ఫైల్ దొరుకుతుంది.

మెయిల్లో సీసీ అంటే కార్బన్ కాపీ. టైప్‌రైటర్ రోజుల్లో రెండు కాగితాల మధ్య నల్ల కార్బన్ పేపర్ పెట్టి కొట్టేవాళ్ళు, ఆ కింది ప్రతి అన్నమాట. కార్బన్ పోయినా పేరు మిగిలింది. దాని పని కూడా మారలేదు: ఈ సంగతి ఇంకెవరికి తెలుసో చదివేవాళ్ళకి చెప్పడం. హెచ్ఓడీని సీసీలో పెడితే మెయిల్ బరువే మారిపోతుంది. కాబట్టి అవసరం ఉంటేనే పెట్టండి.

పిలుపు, సెలవు

మొదటి పిలుపుకీ, చివరి సంతకానికీ జత కుదరాలి. బ్రిటిష్ పద్ధతిలో పేరు తెలియని మనిషికి 'డియర్ సర్' లేదా 'డియర్ మేడమ్' అని మొదలుపెడితే 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' అని ముగించాలి. పేరుతో 'డియర్ మిస్టర్ ఫలానా' అని మొదలుపెడితే 'యువర్స్ సిన్సియర్లీ'. అమెరికన్లు ఎక్కువగా 'సిన్సియర్లీ' అని సరిపెట్టేస్తారు. ఒక చిన్న సంగతి: యువర్స్‌లో ఎస్ ముందు అపాస్ట్రఫీ ఉండదు.

'రెస్పెక్టెడ్ సర్' మన దేశంలో ఎవరికీ తప్పుగా అనిపించదు. ప్రిన్సిపాల్‌కి నిశ్చింతగా రాయొచ్చు. బయటి దేశాల ప్రొఫెసర్‌కి రాసేటప్పుడు మాత్రం 'డియర్ ప్రొఫెసర్' అని, ఆ పక్కన ఇంటిపేరు రాయడం మేలు. తెలుగువాళ్ళకి ఇక్కడే చిక్కు. మనకి ఇంటిపేరు ముందు వస్తుంది, వాళ్ళకి చివర. మన 'గారు'కి ఇంగ్లిష్‌లో సరైన జోడీ లేదు. అందుకే 'డియర్ రమేష్ సర్' అని మనమే ఒకటి తయారు చేసుకున్నాం. ఇక్కడ అది నడుస్తుంది, లండన్‌లో వింతగా ఉంటుంది.

ఒక ఉత్తరం, రెండు రకాలు

మా ఫ్లోర్‌లో ఒక ఫ్రెండ్ ఉన్నాడు, టెన్త్ దాకా తెలుగు మీడియం. స్కాలర్‌షిప్ శాంక్షన్ అయింది కానీ డబ్బు పడలేదు. వాడి ఆధార్ ఎప్పుడో మూలపడిన ఇంకో అకౌంట్‌కి లింక్ అయి ఉంది. బ్యాంకుకి ఒక పేజీ లెటర్ రాశాడు. మోస్ట్ హంబ్లీ అండ్ రెస్పెక్ట్‌ఫుల్లీ అని మొదలై, మా నాన్న రైతు, నేను పేద విద్యార్థిని, దయచేసి డూ ద నీడ్‌ఫుల్ అని ముగిసింది. రెండుసార్లు తిరిగాడు. రెండోసారి కౌంటర్‌లో ఆవిడ కాగితం అంతా చూసి, "ఇంతకీ ఏం చెయ్యమంటావ్ బాబూ?" అని అడిగింది.

వాళ్ళ నాన్న రైతు అన్నది నిజం. బాధా నిజమే. కానీ ఆ కౌంటర్‌లో ఉన్న మనిషి తీర్చగలిగింది అకౌంట్ సమస్య ఒక్కటే, అకౌంట్ నంబరేమో లెటర్‌లో లేదు. ఆ రాత్రి నలుగురం కూర్చుని మళ్ళీ రాశాం. సబ్జెక్ట్: నా సేవింగ్స్ అకౌంట్‌కి ఆధార్ లింక్ చెయ్యడం గురించి. మొదటి పేరా: నేను ఎవరు, ఏ అకౌంట్. రెండోది: ఏం జరిగింది, ఏ తేదీన. మూడోది: మీరు ఏం చెయ్యాలి. చివర జత చేసిన కాగితాల లిస్టు: ఆధార్ కాపీ, పాస్‌బుక్ మొదటి పేజీ. మొత్తం కలిపి ఏడు లైన్లు. ఆ వారంలోనే లింక్ అయినట్టు మెసేజ్ వచ్చింది. తర్వాతి విడతలో డబ్బు పడింది. ఇంగ్లిష్ గొప్పగా ఉండటం వల్ల కాదు, ఏం చెయ్యాలో ఆవిడకి ఒక్క చూపులో తెలియడం వల్ల.

ఎవరు, ఏం జరిగింది, ఏం కావాలి. ఈ మూడూ ఉంటే గ్రామర్ కొంచెం అటూ ఇటూ అయినా పని అవుతుంది. ఈ మూడూ లేకపోతే షేక్స్‌పియర్ రాసినా అవదు.

తెలుగు తొంగి చూసే చోట్లు

మన ఇంగ్లిష్‌లో కొన్ని తప్పులు తెలివితక్కువ వల్ల రావు, తెలుగు వల్ల వస్తాయి. 'రెండు రోజుల నుంచి జ్వరం' అనుకుని 'సిన్స్ టూ డేస్' అని రాస్తాం. మన 'నుంచి' రెండు పనులు చేస్తుంది. ఇంగ్లిష్‌లో మొదలైన రోజు చెబితే సిన్స్ (సిన్స్ మండే), ఎంతకాలమో చెబితే ఫర్ (ఫర్ టూ డేస్). 'దాని గురించి చర్చించాం' అనుకుని 'డిస్కస్డ్ అబౌట్' అంటాం. డిస్కస్‌లోనే ఆ 'గురించి' ఉంది, అబౌట్ అక్కర్లేదు. 'రివర్ట్ బ్యాక్' కూడా అంతే. 'రిప్లై' చాలు.

'డూ ద నీడ్‌ఫుల్' సంగతి వేరు. అది మనం పుట్టించింది కాదు. ఒకప్పటి బ్రిటిష్ ఆఫీసు భాష. వాళ్ళు చాలావరకు వదిలేశారు, మనం దాచుకున్నాం. తప్పని అనను. కానీ ఆ 'నీడ్‌ఫుల్' ఏంటో ముందు చెప్పకపోతే మా ఫ్రెండ్ లెటర్ లాగే అవుతుంది.

వైస్రాయ్‌కి 'డియర్ ఫ్రెండ్'

రూల్స్ తెలిసిన మనిషి వాటిని ఎలా వాడుకోవచ్చో చూడాలంటే 1930 మార్చి 2న గాంధీ వైస్రాయ్ ఇర్విన్‌కి ఇంగ్లిష్‌లో రాసిన ఉత్తరం చూడండి. దేశాన్ని ఏలే మనిషికి రాస్తూ పిలుపు మాత్రం 'డియర్ ఫ్రెండ్'. వినయం ఉంది, వంగడం లేదు. లోపల మాత్రం పక్కా ఫార్మల్. కష్టాలు ఏంటో వరసగా చెప్పారు. వైస్రాయ్ జీతం రోజుకి 700 రూపాయలకి పైన, సగటు భారతీయుడి ఆదాయం రోజుకి 2 అణాల లోపు అని లెక్క వేసి చూపించారు. చివర గడువు పెట్టారు: ఈ నెల 11 లోపు కదలిక లేకపోతే ఆశ్రమవాసులతో కలిసి ఉప్పు చట్టాన్ని ధిక్కరిస్తాను. ఉత్తరాన్ని రెజినాల్డ్ రేనాల్డ్స్ అనే ఇంగ్లిష్ యువకుడి చేతికే ఇచ్చి పంపారు. వైస్రాయ్ సెక్రటరీ నుంచి పొడిగా చిన్న జవాబు వచ్చింది. మార్చి 12న దండి యాత్ర మొదలైంది. కారణం, లెక్క, కోరిక, గడువు. మన ఏడు లైన్లలో ఉండాల్సింది కూడా ఇదే.

ఇక ఇంటి ఉత్తరం

స్కూల్లో ఇన్‌ఫార్మల్ లెటర్ అంటే 'ఐ యామ్ ఫైన్ హియర్, హోప్ యూ ఆర్ ఆల్సో ఫైన్ దేర్' అని మొదలయ్యేది. ఇది ఏ ఇంగ్లిష్ దొర నేర్పిందో అనుకునేవాడిని. తాతయ్య ట్రంకు పెట్టెలో ఇన్‌లాండ్ లెటర్లు చదివాక అర్థమైంది, ఇది మన 'ఉభయకుశలోపరి'! ఇక్కడ మేము క్షేమం, అక్కడ మీరు క్షేమమని తలుస్తాము అన్నదాన్నే ఇంగ్లిష్‌లోకి దింపేశాం. ఆ పెట్టెలో ఇంకా చాలా ఉన్నాయి. 'పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది ఏమనగా', 'చిరంజీవి ఫలానాకి ఆశీర్వదించి వ్రాయునది', చివర 'ఇట్లు'. పెద్దవాళ్ళకి ఒక పిలుపు, చిన్నవాళ్ళకి ఒకటి. అంటే పిలుపుకీ మనిషికీ జత కుదర్చడం మనకి కొత్త విద్య కాదు, తాతల నాటిదే.

ఇంగ్లిష్ ఇన్‌ఫార్మల్ లెటర్‌కి ఇంత కొలత లేదు. 'ఐయామ్', 'డోంట్' లాంటి కుదించిన మాటలు వాడొచ్చు, సబ్జెక్ట్ లైను అక్కర్లేదు, చివర 'లవ్' అనో 'యువర్స్' అనో చాలు. కానీ ఇన్‌ఫార్మల్ అంటే తేలిక విషయం అని కాదు. 1928 వేసవిలో నెహ్రూ అలహాబాద్ నుంచి, ముస్సోరీలో ఉన్న పదేళ్ళ ఇందిరకి ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాశారు. భూమి ఎలా పుట్టింది, మనుషులు ఎలా వచ్చారు అన్నవే అందులో విషయాలు. మరుసటి ఏడు అవి పుస్తకంగా వచ్చాయి. విషయం కొండంత, మాట తీరు మాత్రం పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినట్టు. కూతురు ఏం అడుగుతుందో తండ్రికి తెలుసు కాబట్టి అలా రాయగలిగారు.

చివరగా కొన్ని పనికొచ్చే ముక్కలు

ఆఫీసుకి లెటర్ ఇచ్చేటప్పుడు రెండు కాపీలు పట్టుకెళ్ళండి. ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద తేదీతో స్టాంపు, సంతకం తీసుకోండి. రేపు 'మీ లెటర్ రాలేదు' అంటే మన దగ్గర ఉన్న సాక్ష్యం అదే.

ఇంగ్లిష్ రాదని ఎవరూ ఆగిపోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం దరఖాస్తు ఇంగ్లిష్‌లో, హిందీలో, లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఇవ్వొచ్చు. అంటే మన దగ్గర తెలుగులో. ఎందుకు అడుగుతున్నారో కారణం చెప్పక్కర్లేదు, మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మూడు పేరాల సూత్రం తెలుగులోనూ అంతే పనిచేస్తుంది.

'ఏఐ రాసిపెడుతుంది కదా, ఇదంతా ఎందుకు?' అంటారా? రాస్తుంది. 'ఐ హోప్ దిస్ ఈమెయిల్ ఫైండ్స్ యూ వెల్' అని మొదలుపెడుతుంది కూడా. చూశారా, మళ్ళీ ఉభయకుశలోపరే! ఫార్మాట్ దానికి వచ్చు. కానీ మీ అకౌంట్ నంబరు, మీ తేదీలు, మీకు నిజంగా ఏం కావాలన్నది దానికి తెలియదు. అవి ముందు ఒక కాగితం మీద తెలుగులోనే రాసుకోండి. అవి స్పష్టంగా ఉంటే ఇంగ్లిష్ ఎవరు రాసినా పరవాలేదు.

ఈ సెలవుల్లో రెండు ఉత్తరాలు రాయండి. ఒకటి ఎన్నాళ్ళుగానో వాయిదా వేస్తున్న ఆఫీసు పని గురించి, ఏడు లైన్లలో, ఇంగ్లిష్‌లో. ఇంకోటి అమ్మమ్మకో, తాతయ్యకో, ఎన్ని లైన్లయినా సరే, తెలుగులో. మొదటిదానికి స్టాంపు వేయించుకోవడం మర్చిపోకండి. రెండోదానికి జవాబు వస్తే మన క్లబ్‌లో చదివి వినిపించండి.