చదువుకీ కాల్షీట్లు చూసుకోవాలి!

కాలేజీలో చేరేటప్పుడు సీటు గురించి ఆలోచిస్తాం. గ్రూపు గురించి ఆలోచిస్తాం. ఫీజు గురించి ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. మొదటి సెమిస్టర్లో ఎంత బరువు ఎత్తుకోగలమన్నది మాత్రం పరీక్షలు దగ్గరపడ్డాకే గుర్తొస్తుంది. అప్పటికి ఆలస్యమైపోతుంది.

ఫిలింనగర్లో ఏ సినిమాకైనా కొబ్బరికాయ కొట్టేముందు నిర్మాత అడిగే మొదటి ప్రశ్న... డేట్స్ ఉన్నాయా? కథ ఎంత బాగున్నా, చేతిలో ఎంత డబ్బున్నా హీరో కాల్షీట్లు కుదరకపోతే క్లాప్ పడదు. ఒకేసారి నాలుగు సినిమాలు ఒప్పేసుకుంటే ఏమవుతుందో అక్కడి టీకొట్టు కుర్రాడికి కూడా తెలుసు. అన్నీ సగంలో ఆగుతాయి, ఒక్కటీ రిలీజవదు!

అదే వీధుల్లో ఉండే పిల్లలు డిగ్రీలో చేరేటప్పుడు మాత్రం ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ఆరు పేపర్లు, ల్యాబులు, సాయంత్రం కంప్యూటర్ కోర్సు, ఆదివారం గ్రూప్స్ కోచింగ్, ఖర్చులకోసం ఓ చిన్న ఉద్యోగం... అన్నిటికీ సరే అనేస్తారు. వారానికి ఉన్నవి 168 గంటలే అన్న సంగతి ఎవరికీ పట్టదు.

స్టూడియోల పక్కనే విశ్వవిద్యాలయం

జూబ్లీహిల్స్ అనగానే తారల ఇళ్ళూ సినిమా ఆఫీసులూ కళ్ళముందు మెదులుతాయి. కానీ ఆ కొండలమీదే రోడ్ నంబరు 46లో ఓ విశ్వవిద్యాలయం ఉంది. పేరు డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టింది. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దాని తొలి వైస్‌ఛాన్స్‌లర్ ఆచార్య జి.రామ్‌రెడ్డి. 1985లో ఢిల్లీలో ఇగ్నో మొదలైనప్పుడు దానికీ మొదటి వైస్‌ఛాన్స్‌లర్‌గా ఆయన్నే పిలిచారు. 1991లో ఇక్కడి విశ్వవిద్యాలయానికి అంబేద్కర్ పేరు పెట్టారు.

పగలంతా పనిచేసుకునేవాళ్ళకోసం పెట్టిన చదువు ఇది. పుస్తకాలు ఇస్తారు. స్టడీ సెంటర్లో కాంటాక్ట్ తరగతులు ఉంటాయి, అవీ ఎక్కువగా ఆదివారాల్లో. ఇంటర్ లేనివాళ్ళు అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు కూడా చాలా ఏళ్ళపాటు ఉండేది. బడి మానేసినవాళ్ళకీ, పెళ్ళితో చదువు ఆగిపోయిన ఆడవాళ్ళకీ అది రెండో తలుపయింది.

ఆ తలుపు అవసరమైనవాళ్ళు ఫిలింనగర్ చుట్టుపక్కల తక్కువేం కాదు. సినిమామీద ఇష్టంతో ఊరొదిలి వచ్చి కృష్ణానగర్లో చిన్న గదుల్లో సర్దుకునే కుర్రాళ్ళున్నారు. లైట్లు మోసేవాళ్ళు, మేకప్ అసిస్టెంట్లు, జూనియర్ ఆర్టిస్టులు... 24 శాఖల్లో ఏదో ఒకదాన్ని నమ్ముకున్నవాళ్ళు. ఇంటర్‌తోనో అంతకుముందో చదువు ఆపేసినవాళ్ళు వీళ్ళలో చాలామంది. ఈరోజు పని ఉంటుంది, రేపు ఉండకపోవచ్చు. డిగ్రీ ఉంటే గ్రూప్-2 రాయొచ్చు, బ్యాంకు పరీక్ష రాయొచ్చు. ఆ ఆశతోనే దరఖాస్తు నింపుతారు.

మామూలు కాలేజీలో గంట కొడతారు, హాజరు వేస్తారు, రానివాళ్ళ ఇంటికి ఫోన్ చేస్తారు. సార్వత్రిక చదువులో అవేవీ ఉండవు. అందులోని సుఖమూ అదే, ప్రమాదమూ అదే. ఎంత చదవాలో, ఎప్పుడు చదవాలో ఎవరికి వాళ్ళే తేల్చుకోవాలి. ఆ తేల్చుకోవాల్సింది మొదటి సెమిస్టర్లోనే.

క్రెడిట్ అంటే గంటలు!

తెలంగాణలో 2016-17 నుంచి డిగ్రీకి సెమిస్టర్లూ క్రెడిట్లూ వచ్చాయి. చాలామంది పిల్లలు క్రెడిట్ అంటే మార్కులాంటిదే అనుకుంటారు. నిజానికి క్రెడిట్ అంటే సమయం. మామూలు కాలేజీలో సెమిస్టర్ పొడవునా వారానికి ఓ గంట పాఠం వింటే ఒక క్రెడిట్. ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. దూరవిద్యలో లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. ఒక క్రెడిట్‌కి 30 గంటల చదువు. పుస్తకం చదవడం, తరగతికి వెళ్ళడం, అసైన్‌మెంట్ రాయడం... అన్నీ అందులోనే.

విశ్వవిద్యాలయాల నిధుల సంఘం, అదే యూజీసీ, 2022 డిసెంబరులో ఇచ్చిన ప్రణాళిక ప్రకారం మూడేళ్ళ డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ళ ఆనర్స్‌కి 160. సెమిస్టర్‌కి సగటున 20. ఇరవైని ముప్ఫైతో గుణిస్తే 600 గంటలు. సెమిస్టర్ 16 వారాలనుకుంటే వారానికి 37 గంటలపైమాటే. అంటే పూర్తి భారం ఎత్తుకున్న విద్యార్థి ఓ ఉద్యోగం చేస్తున్నట్టే లెక్క. ఇప్పటికే ఓ ఉద్యోగం ఉన్నవాళ్ళకి ఇది రెండోది!

లైట్‌మన్ లెక్క

కృష్ణానగర్లో ఉండే ఓ లైట్‌మన్ డిగ్రీలో చేరాడనుకుందాం. వారానికి ఐదురోజులు షూటింగ్. సామాన్లు దించడం నుంచి మళ్ళీ వ్యాన్ ఎక్కించేదాకా రోజుకి 12 గంటలు. రానుపోను రెండు గంటలు. రామోజీ ఫిల్మ్‌సిటీలో షెడ్యూలైతే ఇంకా ఎక్కువే. ఐదు రోజులకు 70 గంటలు అక్కడే పోయాయి. రోజుకు ఏడు గంటల నిద్ర చొప్పున 49. వంట, స్నానం, బట్టలు, ఇంటిపని రోజుకు మూడు గంటలనుకుంటే 21. మొత్తం 140.

మిగిలినవి 28 గంటలు. కాగితంమీద ఫర్వాలేదనిపిస్తుంది. కానీ ఊరినుంచి అమ్మ వస్తుంది. జ్వరమొస్తుంది. స్నేహితుడి పెళ్ళి ఉంటుంది. రాత్రి షూటింగ్ చేసి వచ్చిన మర్నాడు పుస్తకం పట్టుకుంటే కళ్ళు మూతలు పడతాయి. నికరంగా సగం చేతికొస్తే గొప్ప. అంటే 14 గంటలు. పదహారు వారాలకు 224 గంటలు. ముప్ఫైతో భాగిస్తే ఏడు క్రెడిట్లు. చేరిన రోజునుంచి పరీక్షదాకా ఆరునెలలు దొరికినా పన్నెండే!

ఇరవై క్రెడిట్ల పేపర్లకూ ఫీజు కట్టి, ఏడు క్రెడిట్ల సమయంతో పరీక్ష హాలుకు వెళితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అన్నీ కాస్త కాస్త చదివి అన్నిట్లోనూ తప్పుతాడు. 'నాకు చదువు రాదు' అనుకుంటాడు. ఇక్కడే పెద్ద నష్టం జరుగుతుంది. తక్కువైంది సమయమే తప్ప తెలివి కాదన్న సంగతి అతనికి ఎవరూ చెప్పరు.

తగ్గించుకోవడం తప్పు కాదు

మరి తగ్గించుకోవచ్చా? సార్వత్రిక చదువుల్లో చాలావరకు వీలుంది. ఇగ్నోనే చూస్తే మూడేళ్ళ డిగ్రీని ఆరేళ్ళదాకా సాగదీసుకోవచ్చు. పరీక్షలు ఏటా రెండుసార్లు, జూన్‌లోనూ డిసెంబరులోనూ. ఏ పేపర్లు ఎప్పుడు రాయాలన్నది విద్యార్థి చేతుల్లోనే ఉంటుంది. అయితే రాయబోయే పేపరు అసైన్‌మెంట్లు ముందే ఇచ్చి ఉండాలి. మూడు పేపర్లకు సిద్ధమైతే మూడే రాసి, మిగతావి తర్వాతి విడతకు ఉంచుకోవచ్చు. అది వాయిదా వేసుకోవడం కాదు... డేట్స్ సర్దుకోవడం!

సార్వత్రిక విద్యకు దారిచూపిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీలో ఇది మామూలు విషయం. 1969లో ఏర్పడి 1971లో తొలి విద్యార్థులను చేర్చుకున్న ఆ విశ్వవిద్యాలయం, ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకు ఏడాదిలో సగం భారం చాలంటుంది. పూర్తి భారానికి వారానికి 32 నుంచి 36 గంటలు పడుతుందనీ, సగానికి 16 నుంచి 18 గంటలు చాలనీ చేరేముందే చెప్పేస్తుంది.

మామూలు కాలేజీలో అంత స్వేచ్ఛ ఉండదు. మొదటి సెమిస్టర్ పేపర్లు దాదాపు ఖరారై ఉంటాయి. కానీ అక్కడ పిల్లలను ముంచేది కాలేజీ ఇచ్చిన భారం కాదు, దానిమీద ఇంటివాళ్ళూ తామూ కలిసి వేసుకున్న అదనపు బరువు. బీకాంతోపాటు సీఏ ఫౌండేషన్, బీఏతోపాటు సివిల్స్ కోచింగ్, బీటెక్ మొదటి నెలలోనే రెండు కోడింగ్ కోర్సులు... పక్కింటి అబ్బాయి చేస్తున్నాడు కదా! ఇరవై క్రెడిట్ల చదువులో వారానికి ఇరవై గంటల పాఠాలుంటే, వాటిని ఇంట్లో ఓసారి తిరగేయడానికి కనీసం మరో ఇరవై కావాలి. బస్సులోనో మెట్రోలోనో రోజుకు రెండు గంటలు పోతాయి. ఆపైన ఎన్ని పెట్టుకుంటే అన్నీ నిద్రలోంచి తీసుకోవాల్సినవే.

మొదటి సెమిస్టర్లో ఆరు పేపర్లలో రెండు పోయాయనుకోండి. రెండో సెమిస్టర్లో ఆరు కాదు, ఎనిమిది రాయాలి. ఆరింటికే చాలని సమయం ఎనిమిదింటికి ఎక్కణ్నుంచి వస్తుంది? బ్యాక్‌లాగ్ పెరిగేది ఇలాగే.

అమెరికా వెళ్ళేవాళ్ళకి...

జూబ్లీహిల్స్‌లోనే కాదు, తెలుగునాట ఏ ఊళ్ళో చూసినా అమెరికా చదువుకు సూట్‌కేసులు సర్దే ఇళ్ళు కనిపిస్తాయి. అక్కడా మొదటి సెమిస్టరే గండం. ఎఫ్-1 వీసామీద డిగ్రీ చదివేవాళ్ళు సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు తీసుకోవాలి. నాలుగేళ్ళలో 120 క్రెడిట్లు పూర్తవ్వాలంటే సగటున 15 కావాలి. చాలామంది మొదటి విడతే 15 తీసేసుకుంటారు. అక్కడి లెక్కలో ఒక క్రెడిట్ అంటే వారానికి గంట పాఠం, బయట రెండు గంటల చదువు. పన్నెండుకు 36 గంటలు, పదిహేనుకు 45. క్యాంపస్‌లో ఉద్యోగం దొరికితే చదువు రోజుల్లో వారానికి 20 గంటలదాకా చేయొచ్చు. కొత్త దేశం, కొత్త యాస, కొత్త వంట... వీటన్నిటిమధ్య తొలిసారి 12తో మొదలుపెట్టి, నిలదొక్కుకున్నాక పెంచుకోవడం మేలు.

పన్నెండు కూడా మోయలేకపోతే? దానికీ నిబంధనల్లో దారి ఉంది. ఇంగ్లిష్‌తో తొలినాళ్ళ ఇబ్బంది, అక్కడి బోధనా పద్ధతి తెలియకపోవడం, స్థాయికి మించిన కోర్సులో పడటం... ఇలాంటి కారణాలకు భారం తగ్గించుకోవడానికి అనుమతిస్తారు. అయినా కనీసం సగం ఉంచుకోవాలి. ముఖ్యమైన విషయం ఏమిటంటే, విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే కాలేజీ అధికారిని ముందు అడగాలి, ఆ తర్వాతే కోర్సు వదలాలి. ముందు వదిలేసి తర్వాత చెబితే వీసా హోదాకే ముప్పు.

సెలవులు సినిమాకి... కాలేజీ చదువుకి

చదువునూ నటననూ ఒకేసారి మోసినవాళ్ళు మన తెరమీదే ఉన్నారు. సాయిపల్లవి జార్జియాలోని టిబిలిసిలో వైద్యవిద్య చదువుతుండగా 'ప్రేమమ్' అవకాశం వచ్చింది. సెలవుల్లో షూటింగ్‌కి వచ్చింది, అయ్యాక మళ్ళీ కాలేజీకి వెళ్ళిపోయింది. 2015లో ఆ సినిమా పెద్ద హిట్టయింది. అయినా చదువు ఆపలేదు. 2016లో పట్టా చేతికొచ్చింది. తెలుగులో తొలి సినిమా 'ఫిదా' 2017లో విడుదలైంది. సినిమాకు సెలవులిచ్చింది, కాలేజీ రోజులు కాలేజీకే ఉంచింది. ఏది ముందో, ఏది తర్వాతో తేల్చుకుంటే రెండూ దక్కుతాయని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి!

సంతకం పెట్టేముందు...

* ఓ వారంపాటు ఏ గంట ఎక్కడ పోతోందో కాగితంమీద రాసుకోండి. మిగిలిన గంటల్లో సగమే చదువుకు దొరుకుతాయని లెక్కేసుకోండి.

* దూరవిద్య అయితే ఆ గంటలను సెమిస్టర్‌లోని వారాలతో గుణించి, ముప్ఫైతో భాగించండి. వచ్చిందే మీరు మోయగల క్రెడిట్లు.

* కష్టమైన పేపర్లన్నీ ఒకేసారి పెట్టుకోవద్దు. లెక్కలూ అకౌంట్సూ లాంటివి ఒకటి, మీకు ఇష్టమైనవి ఒకటో రెండో. ఎంచుకునే వీలున్నచోట సెకండ్ లాంగ్వేజి మీకు వచ్చినదే తీసుకోండి.

* పేపరు వదులుకోవడానికి ఆఖరి తేదీ ఎప్పుడో, మళ్ళీ రాయడానికి ఫీజెంతో, కోర్సు పూర్తిచేయడానికి గరిష్ఠంగా ఎన్నేళ్ళు ఇస్తారో చేరినరోజే అడగండి. స్కాలర్‌షిప్ ఉంటే, పేపర్లు తగ్గించుకున్నా అది ఆగదని రూఢి చేసుకోండి.

* కోచింగ్, కంప్యూటర్ కోర్సు లాంటివి రెండో సెమిస్టర్‌కి ఉంచండి. మొదటి ఫలితాలు చూశాక ఎంత ఖాళీ ఉందో మీకే తెలుస్తుంది.

* అమ్మానాన్నలకో మాట. 'ఎన్ని చేస్తున్నావు' అని కాదు, 'ఎన్ని గంటలు పడుకుంటున్నావు' అని అడగండి.

నాలుగు పేపర్లు రాసి నాలుగూ పాసైన కుర్రాడు రెండో సెమిస్టర్‌కి ధైర్యంగా ఫీజు కడతాడు. ఏడు రాసి నాలుగే పాసైనవాడి చేతిలోనూ ఉన్నవి అవే నాలుగు. కానీ అతని కంటికి కనిపించేవి పోయిన మూడే. సినిమా ఆగిపోతే నిర్మాత మరో కథ వెతుక్కుంటాడు. ఎన్నో ఏళ్ళ తర్వాత మళ్ళీ పుస్తకం పట్టినవాళ్ళ చదువు ఆగిపోతే, మూడోసారి దరఖాస్తు నింపే ఓపిక అందరికీ ఉండదు. అందుకే తొలి సెమిస్టర్లో గెలవగలిగినన్ని పేపర్లకే డేట్స్ ఇవ్వండి!