సైకిలు గొలుసు సాగుతుందా?

మీలో చాలామందికి సైకిలు తొక్కటం వచ్చి ఉంటుంది. దాన్ని తుడిచి మెరుగు పెట్టటం కూడా మీకు సరదాయే. హేండిలు తుడుస్తారు, గంట తుడుస్తారు, మడ్గార్డులు తళతళలాడేట్టు చేస్తారు. కాని అన్నిటికన్నా ఎక్కువ చాకిరీ చేసే గొలుసు సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు. అది జారిననాడు గాని దాని జోలికి పోరు.

అది జారటం ప్రమాదమే. ఎత్తు ఎక్కేటప్పుడు సీటు మీది నుంచి లేచి, ఒళ్ళు బరువంతా పెడలు మీద మోపుతాం గదా? సరిగ్గా అప్పుడే గొలుసు టక్కుమని ఒక పన్ను జారిందనుకోండి. కాలు ఒక్కసారిగా కిందికి పోతుంది. మనిషి తూలిపోతాడు. వెనక లారీ వస్తుంటే ఇక చెప్పేదేమున్నది?

మొదట్లో సైకిళ్ళకు గొలుసు లేదు. 1870 తరవాత ఇంగ్లండులో తొక్కిన ఎత్తు సైకిళ్ళకు పెడళ్ళు ముందు చక్రానికే ఉండేవి. పెడలు ఒక చుట్టు తిరిగితే చక్రమూ ఒక్క చుట్టే తిరిగేది. వేగం కావాలంటే చక్రాన్ని పెద్దది చెయ్యటం తప్ప మార్గం లేదు. అందుచేత ఆ చక్రం దాదాపు మనిషి ఛాతీ ఎత్తుకు పెరిగింది! అంత ఎత్తు నుంచి తల్లకిందులుగా పడి దెబ్బలు తిన్నవాళ్ళు ఎందరో. 1880లో మాంచెస్టరులో హాన్స్ రెనోల్డ్ అనే ఇంజనీరు రోలర్లు గల గొలుసు తయారు చేశాడు. 1885లో కోవెంట్రీ నగరంలో జాన్ కెంప్ స్టార్లీ తయారు చేసిన 'రోవర్' సైకిలులో వెనక చక్రాన్ని గొలుసే తిప్పింది. ఈనాటి మన సైకిలు దాని సంతతిదే.

గొలుసు చేసే పని ఒక చిన్న లెక్క. ముందు పళ్ళచక్రానికి 48 పళ్ళూ, వెనకదానికి 16 పళ్ళూ ఉంటే, పెడలు ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం 3 చుట్లు తిరుగుతుంది. గేర్ల సైకిలుకు ఇలాటి పళ్ళచక్రాలు ఎన్నో ఉంటాయి. రేసు సైకిలు చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.1 మీటర్లు పోతుంది. ముందు 50 పళ్ళు, వెనక 11 పళ్ళు పెడితే పెడలు ఒక్క చుట్టుకు తొమ్మిదిన్నర మీటర్లు పోవచ్చు. అది చదును రోడ్డుకు. ముందు 34, వెనక 28 పెడితే పోయేది రెండున్నర మీటర్లే. కాని కొండ ఎక్కుతుంటే కాళ్ళకు నొప్పి ఉండదు. అందుచేత పెద్ద గేరు కొన్నవాడే వీరుడని అనుకోకండి. మీ ఊరి రోడ్డు ఎలాటిదో, గేర్లు అలాటివే ఎంచుకోవాలి.

ఇక అసలు ప్రశ్న. పాతబడిన గొలుసు 'సాగింది' అంటారు. నిజంగా ఇనుము సాగుతుందా? సాగదు! గొలుసులోని ప్రతి లింకుకూ ఒక పిన్ను ఉన్నది. లింకు వంగినప్పుడల్లా ఆ పిన్ను రాసుకుంటుంది. దుమ్ము చేరితే ఆకురాయితో రాసినట్టే అరుగుతుంది. ఒక్కొక్క పిన్ను దగ్గర అరిగేది వెంట్రుక మందమే. కాని గొలుసులో ఇలాటి పిన్నులు నూరు దాకా ఉంటాయి. అన్నీ కలిసి గొలుసు పొడవును పెంచుతాయి.

పళ్ళ మధ్య దూరం మాత్రం పెరగదు గదా! పొడవు పెరిగిన గొలుసు పళ్ళ మొదట్లో కూచోక పైకి ఎక్కుతుంది. పళ్ళు ఒకపక్కకే అరిగి కొక్కేల్లా తయారవుతాయి. ఆ తరవాత కొత్త గొలుసు వేసినా జారుతుంది. గొలుసు మార్చటం బద్ధకించినందుకు పళ్ళచక్రాలు కూడా కొనవలసి వస్తుంది. గేర్ల సైకిలుకు అవి గొలుసు కన్నా బాగా ఖరీదు.

దీన్ని ముందే కనిపెట్టటం ఎలా? వడ్రంగి వాడే ఇనప టేపు చాలు. సైకిలును కదలకుండా నిలబెట్టి, పెడలును కాస్త నొక్కి గొలుసు పైభాగం బిగువుగా ఉండేట్టు చూడండి. టేపు సున్నా గీతను ఒక పిన్ను నడిమికి పెట్టండి. ఆ పిన్నును వదిలి, పక్కదాన్నుంచి 24 పిన్నులు లెక్కపెట్టండి. కొత్త గొలుసుకు 24వ పిన్ను నడిమి భాగం సరిగా 12 అంగుళాల గీత మీద ఉంటుంది. ఎందుకంటే ఒక్కొక్క లింకు అర అంగుళం. పిన్ను ఆ గీతను అంగుళంలో పదహారో వంతు దాటితే గొలుసు మార్చాలి. ఎనిమిదో వంతు దాటిందంటే పళ్ళచక్రాలు కూడా చెడి ఉంటాయి.

కొత్త గొలుసు కొనేటప్పుడు వెనక ఎన్ని పళ్ళచక్రాలున్నాయో లెక్కపెట్టి దుకాణంలో చెప్పండి. లింకు పొడవు అన్నిటికీ అర అంగుళమే అయినా, చక్రాలు ఎక్కువైనకొద్దీ గొలుసు సన్నగా ఉండాలి. ఒకదానిది ఇంకొకదానికి పనికిరాకపోవచ్చు.

నూనె వెయ్యటానికీ ఒక పద్ధతి ఉన్నది. ముందు గుడ్డతో గొలుసును తుడవండి. ప్రతి రోలరు మీదా ఒక్క చుక్క సైకిలు నూనె వెయ్యండి. పెడలును వెనక్కు పదిసార్లు తిప్పి, పైన మిగిలినదంతా తుడిచెయ్యండి. నూనె లోపలి పిన్నుకు కావాలి. పైన ఉంటే దుమ్మును పిలుస్తుంది, అంతే. వంటనూనె వెయ్యకండి, అది జిగురు కడుతుంది. బ్రేకు రబ్బర్లకూ, అవి పట్టుకునే రిమ్ముకూ నూనె తగలనివ్వకండి. తగిలితే బ్రేకు పట్టదు. మరొక ముఖ్యమైన సంగతి: చక్రం తిరుగుతుండగా గొలుసు దగ్గరికి వేళ్ళు పోనివ్వకూడదు.

ఈ ఆదివారం మీ సైకిలు గొలుసు కొలిచి చూడండి. తరవాత నాన్నగారి సైకిలు గొలుసు కూడా కొలవండి. బహుశా ఆయన దాన్ని ఎన్నడూ కొలిచి ఉండరు!