పాటల బొంత

పిల్లలూ, మీ ఇంట్లో బొంత ఉందా? అవ్వ పాత చీరెలూ పంచెలూ పరచి, వాటిపై రంగురంగుల గుడ్డముక్కలు అతికి, ఓపికగా కుడుతుంది. యాభై ఏళ్ళనాటి పెళ్ళిచీరె ముక్క పక్కనే మీ నిరుటి పండుగ చొక్కా ముక్క వచ్చి కూర్చుంటుంది. అయినా కప్పుకుంటే అంతా ఒక్కటే బొంత!

బెల్జియం దేశంలోని గెంట్ నగరానికి చెందిన అన్నదమ్ములు ఇద్దరు పాటలతో ఇలాంటి బొంత కుట్టారు. అన్న స్టీఫెన్, తమ్ముడు డేవిడ్, ఇంటిపేరు డివాలె. తమ జంటకు వాళ్ళు పెట్టుకున్న పేరు 'టూ మెనీ డీజేస్'. అంటే, 'డీజేలు మరీ ఎక్కువైపోయారు' అని. ఉన్నది మాత్రం ఇద్దరే!

డీజే అంటే డిస్కు జాకీ. రికార్డులను ఒకదాని వెంట ఒకటి వేసి వినిపించేవాడన్నమాట. వీళ్ళ తండ్రి కూడా రేడియోలో ఆ పనే చేసేవాడు. చిత్రమేమిటంటే, ఆయన పేరే జాకీ. మన పెళ్ళి ఊరేగింపుల్లో గుండెలదిరేలా మోగేదాన్ని కూడా డీజే అనే అంటున్నారు గాని, అందులో మోత ఎక్కువ, కుట్టుపని తక్కువ.

అన్నదమ్ముల ఆల్బం 2002లో వెలువడింది. దాని పేరు 'యాజ్ హెర్డ్ ఆన్ రేడియో సోల్‌వాక్స్, పార్ట్ 2'. ఇంచుమించు గంటసేపు ఎక్కడా ఆగకుండా నలభై పైచిలుకు పాటలు వినిపిస్తాయి. అమెరికా పల్లెపాటల గాయని డాలీ పార్టన్ 1980లో ఆఫీసు ఉద్యోగుల పాట్లను గురించి పాడిన పాట అందులో ఉంది. రాయిక్‌సోప్ అనే నార్వే జంట యంత్రాలతో వాయించిన 'ఎప్లె' కూడా ఉంది. ఆ మాటకు నార్వే భాషలో ఆపిలుపండు అని అర్థం.

ఇన్ని రకాల పాటలు కలిపితే గోల కాదా? ఎందుకు కాదో తెలియాలంటే మీ స్నేహితుణ్ణి పిలిచి ఒక పని చేసి చూడండి. మీరు నిమిషానికి 120 చప్పట్లు కొట్టండి, అతన్ని 126 కొట్టమనండి. మొదట ఇద్దరి చప్పట్లూ కలిసినట్టే ఉంటాయి. పది సెకండ్లు గడిచేసరికి అతను మీకంటే ఒక చప్పట్టు ముందుంటాడు. ఈ మధ్యలో వినిపించేదే గోల!

డీజే దగ్గర రికార్డులు తిప్పే పళ్ళేలు రెండు ఉంటాయి. ఒకదానిమీది పాట అందరూ వింటూ ఉండగా, రెండోదాన్ని అతనొక్కడే హెడ్‌ఫోనులో వింటాడు. పళ్ళెం పక్కనున్న మీటను జరిపితే రికార్డు తిరిగే వేగం కొద్దిగా మారుతుంది. 120 దెబ్బల పాటను నూటికి ఐదు పాళ్ళు వేగంగా తిప్పితే సరిగ్గా 126 అవుతుంది. దెబ్బమీద దెబ్బ పడగానే రెండో పాటను అందరికీ వినిపిస్తాడు.

కాని ఇందులో ఒక చిక్కున్నది. రికార్డు వేగం పెరిగితే శ్రుతి కూడా పెరుగుతుంది. నూటికి సుమారు ఆరు పాళ్ళు వేగం పెంచితే, పాట మొత్తం ఒక స్వరస్థానం పైకి పోతుంది. తాళం కలిసిందని సంతోషించే లోపల శ్రుతి చెడుతుంది! ఇప్పటి కంప్యూటర్లు శ్రుతి మార్చకుండానే వేగం మార్చగలవు. అయినా, ఏ పాటకు ఏది జోడీయో చెప్పవలసింది మనిషి చెవే.

ఈ అన్నదమ్ముల చెవి ఎంత చురుకైనదో చూడండి. స్టూజెస్ అనే అమెరికా బృందం 1969లో గిటార్లు హోరెత్తిస్తూ ఒక పాట చేసింది. 1987లో సాల్ట్ ఎన్ పెపా అనే న్యూయార్కు యువతుల బృందం మాటలను తాళానికి గబగబా వల్లించే ర్యాప్ పాట ఒకటి విడుదల చేసింది. అన్నదమ్ములు ఆ గిటార్ల మీద ఈ మాటలను కూర్చారు. ర్యాప్‌లో రాగం తక్కువ, లయ ఎక్కువ. అందుచేత శ్రుతి పేచీ అంతగా రాదు. పద్ధెనిమిదేళ్ళ ఎడముతో పుట్టిన ఆ రెండు పాటలూ ఒకే గదిలో పాడినట్టుంటాయి.

ఇంతకన్నా కష్టమైన పని మరొకటి ఉంది. బొంతకు వాడే గుడ్డలు ఇంట్లోవే. పాటలు అలా కాదు, ప్రతి రికార్డుకూ సొంతదారు ఉంటాడు. అడగకుండా అతని పాటను మన ఆల్బంలో పెట్టి అమ్మకూడదు. అందుకని రికార్డు కంపెనీ ఉద్యోగి ఒకరు నెలల తరబడి అనుమతుల కోసమే పనిచేయవలసి వచ్చింది. 45కు పైగా కంపెనీలు, 865 నిమిషాల టెలిఫోను సంభాషణ, 160 ఫాక్సులు, 500కు మించిన ఈమెయిళ్ళు!

అడిగినవి మొత్తం 187 పాటలు. వాటిలో 114 పాటలకు సరేనన్నారు. 62 పాటలకు వద్దన్నారు. వద్దనడం వాళ్ళ హక్కు, తప్పుపట్టలేము. వద్దన్న పాటను తీసేసి, దాని వేగానికీ శ్రుతికీ సరిపడే మరో పాటను వెతుక్కోవలసిందే.

కూడి చూడండి, ఇంకా 11 మిగిలాయి గదా? నాకు ఎక్కువ జాలి కలిగించేవి అవే. వాటిని ఎవరూ కాదనలేదు. ఎవరో రాసి, ఎవరో పాడి, రికార్డు చేసిన పాటలే అవి. కాని ఎవరిని అడగాలో ఎంత వెతికినా తెలియలేదు. అవునని గాని, కాదని గాని చెప్పేవారు దొరకక ఆ పదకొండు పాటలూ బయటే ఉండిపోయాయి.