పెద్దదిక్కు

మాచర్ల పట్టణం చంద్రవంక ఒడ్డున ఉంది. అక్కడి చెన్నకేశవాలయాన్ని దర్శించడానికి వచ్చినవారు బ్రహ్మనాయుని చాపకూడు కథ వినకుండా తిరిగివెళ్ళరు. కులభేదం పాటించక అందరినీ ఒకే చాపపై కూర్చుండబెట్టి అన్నం పెట్టించిన కథ అది. పన్నెండవ శతాబ్దంలో కారెంపూడి వద్ద, నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధంలో నేలకొరిగిన వీరులకు నేటికీ ఏటా కార్తీకమాసంలో ఉత్సవం జరుగుతుంది. శ్రీనాథుని రచనగా ప్రసిద్ధి పొందిన పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుని తల్లి ఐతాంబ, భార్య మాంచాల కనిపిస్తారు. అయినా వీరగాథల దృష్టి ప్రధానంగా యుద్ధభూమిపైనే నిలుస్తుంది. పోరు ముగిసిన తరువాత మిగిలిన ఇళ్ళలో పొయ్యి ఎలా వెలిగింది, పసివాళ్ళు ఎవరి పక్కన పడుకొన్నారు అన్న ప్రశ్నలు వాటికి ముఖ్యం కావు. ఈ పాఠానికి మాత్రం అవే ముఖ్యం.

పల్నాటిలో ఇంటి యజమానిని కోల్పోయిన కుటుంబాలు ఈనాడూ ఉన్నాయి. అందులో కొన్నింటిని కూల్చినది కత్తి కాదు, అప్పు.

నాగార్జునసాగర్ కుడికాలువ ఈ సీమ గుండానే సాగుతుంది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు విడుదలైంది. అయితే కాలువ కన్న మెరకగా ఉన్న నేలకు ఆ నీరు ఎక్కదు. వెల్దుర్తి, బొల్లాపల్లి వంటి మెట్ట మండలాల కోసం తలపెట్టిన వరికపూడిశెల ఎత్తిపోతల పథకానికి 2023 నవంబరులో శంకుస్థాపన జరిగింది. జలాశయానికి ఇంత చేరువలో ఉండి కూడ వానకోసం ఆకాశం వంక చూసే రైతులు ఇక్కడ ఉండడానికి కారణం ఇదే. మిరప, పత్తి వీరి ప్రధాన పంటలు. రెండూ పెట్టుబడిని మింగే పంటలే. సొంత భూమి లేనివారు కౌలుకు తీసుకొంటారు. పంట చేతికి రాకముందే కౌలు చెల్లించవలసి వచ్చే సందర్భాలు తక్కువేమీ కావు. విత్తనం, ఎరువు, పురుగుమందు దుకాణంలో అరువు. కోత కూలికి వడ్డీవ్యాపారి దగ్గర అప్పు. 1997-98లో పురుగు తాకిడికి పత్తి నాశనమైనప్పుడు వరంగల్లు ప్రాంతంలో సంభవించిన రైతుల వరుస మరణాలు దేశమంతటా చర్చకు వచ్చాయి. 2021-22లో నల్ల తామరపురుగు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాల మిరపతోటలను పూతదశలోనే ఎండగట్టింది. భూమి ఉన్న రైతు నష్టపోతే అమ్ముకోవడానికి భూమి ఉంటుంది. కౌలు రైతుకు అదీ లేదు.

ప్రాణం తీసుకొన్న రైతు కుటుంబానికి సహాయం అందించడానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2004 జూన్‌లో 421వ నంబరు ఉత్తర్వు జారీచేసింది. లక్ష రూపాయల పరిహారం, అప్పుల పరిష్కారానికి మరొక 50,000 రూపాయలు అందులో నిర్ణయమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆ మొత్తం 2015లో ఐదు లక్షలకు, 2019లో ఏడు లక్షలకు పెరిగింది. మరణానికి కారణం సేద్యపు అప్పేనని రెవెన్యూ, పోలీసు, వ్యవసాయ శాఖల అధికారులు విచారించి నిర్ధారించాలి. పరిశీలన అవసరమే; ప్రభుత్వ ధనం ఊరికే పంచిపెట్టేది కాదు. కాని కౌలు మాట అరుగు మీద జరిగిన ఒప్పందం. వడ్డీవ్యాపారి రాయించుకొన్న ప్రామిసరీ నోటు అతని పెట్టెలోనే ఉంటుంది. భర్త ఎంత అప్పు చేశాడో భార్యకు చాలాసార్లు తెలియదు. ఆయన పోయిన తరువాత గుమ్మంలోకి వచ్చినవారు చెబితేనే తెలుస్తుంది. కౌలుదారులకు గుర్తింపు కల్పించడానికి 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చాయి. రెండవ చట్టం ప్రకారం పదకొండు నెలల ఒప్పందంపై భూయజమాని సంతకం చేయాలి. సంతకం పెడితే భూమి చేజారుతుందేమోనన్న అనుమానంతో వెనుదీసేవారు ఉన్నారు. ఆ సంతకం లేకపోవడం వల్ల మరణించిన మనిషి రైతేనని రుజువు చేసే భారం అతని భార్యపై పడుతుంది. దుఃఖించవలసిన కాలంలో ఆమె కాగితాల కోసం తిరుగుతుంది.

ఇటువంటి ఇంటిని ఒకదాన్ని ఊహించి చూద్దాం. పెద్దకర్మ ముగిసింది. బంధువులు ఎవరి ఊళ్ళకు వారు వెళ్ళిపోయారు. ఇంట్లో ముప్పై ఏళ్ళ తల్లి, పన్నెండేళ్ళ కూతురు, తొమ్మిదేళ్ళ కొడుకు, నాలుగేళ్ళ చిన్నవాడు మిగిలారు. వెళుతూ వెళుతూ ఒక పెద్దమనిషి తొమ్మిదేళ్ళవాని తల నిమిరి, “ఇక ఇంటికి పెద్దదిక్కు నువ్వేరా” అన్నాడు. ఆయన ప్రేమతోనే అన్నాడు. అయితే పిల్లవాడు ఆ మాటను అక్షరాలా నమ్ముతాడు. ఏడవడం మానేస్తాడు. ఆటకు పోడు. తల్లి కళ్ళు తుడుచుకొంటే తాను వంచిన తల ఎత్తడు. చూసినవారు, “చిన్నవాడైనా ఎంత గుండె దిటవు!” అని మెచ్చుకొంటారు. అది దిటవు కాదు. తొమ్మిదేళ్ళ వయస్సుకు మోయరాని బరువు.

ఆడపిల్ల బరువు మరొక తీరుగా ఉంటుంది. మిరపకోతలు మొదలుకాగానే తల్లి కూలికి వెళుతుంది. చిన్నవాణ్ణి చూసుకోవడానికి అక్క బడి మానేస్తుంది. కొన్నాళ్ళకు తానూ కోతకు వెళుతుంది. మరి రెండేళ్ళకు “ఒక అయ్య చేతిలో పెడితే సరి” అన్న మాట పుడుతుంది. నాలుగేళ్ళవానికి మరణం అంటే ఏమిటో తెలియదు. “నాన్న ఊరికి వెళ్ళాడు” అని చెబితే వాడు గుమ్మంలో కూర్చుని ఎదురుచూస్తాడు. తాను అల్లరి చేసినందుకే నాన్న వెళ్ళిపోయాడేమోనని కూడ అనుకొంటాడు. ఆరేడేళ్ళ లోపు పిల్లలలో ఇది సహజమని శిశుమనస్తత్వవేత్తలు చెబుతారు. మానిన పక్కతడి మళ్ళీ మొదలవుతుంది. కారణం లేని కడుపునొప్పి వస్తుంది. ఊరివాళ్ళు “పిల్లవాడు జడుసుకొన్నాడు, బెంగపెట్టుకొన్నాడు” అని తాయెత్తు కట్టిస్తారు. తాయెత్తు మాట ఎలా ఉన్నా, ఆ రెండు మాటలలో నిజం ఉంది. జడుపు, బెంగ అనే తెలుగు పదాలు పసిమనస్సుకు తగిలిన దెబ్బను ఏనాడో గుర్తించాయి.

తల్లి స్థితి పిల్లలకన్న కష్టమైనది. నిద్ర పట్టదు. పొయ్యిమీద అన్నం మాడినా వాసన తెలియదు. పిల్లవాడు పిలిస్తే రెండు మూడు పిలుపులకు గాని పలకదు, పలికినా కసురుతుంది. “భర్త పోయినా దీనికి పిల్లలమీద ధ్యాస లేదు” అని ఇరుగుపొరుగు నిందిస్తారు. కొన్ని ఇళ్ళలో అత్తవారే “నష్టజాతకురాలు” అంటారు. లోకం మాటలు అటుంచి శాస్త్రం చెప్పేది చూద్దాం. 2013లో వెలువడిన ఒక పరిశోధనలో తమిళనాడులోని 464 మంది చెరకు రైతులను కోతకు ముందు ఒకసారి, కోత డబ్బు చేతికి వచ్చిన తరువాత ఒకసారి పరీక్షించారు. డబ్బుకు కటకటలాడే రోజులలో వారి ఆలోచనాశక్తి తగ్గినట్లు, కోత ముగిశాక మళ్ళీ మెరుగుపడినట్లు తేలింది. మనిషి అతడే, మారినది లేమి ఒత్తిడి మాత్రమే. ఆ లేమికి తోడు శోకమూ ఉన్న తల్లి మరపును, విసుగును ఆమె స్వభావంగా ఎంచడం అన్యాయం.

పసివాడు నవ్వితే తల్లి నవ్వాలి, ఏడిస్తే ఎత్తుకోవాలి, వేలితో చూపితే అటు చూడాలి. ఈ ఇచ్చిపుచ్చుకోలులోనే పిల్లల మెదడు ఎదుగుతుంది. తల్లి మనస్సు మొద్దుబారితే ఆ వినిమయం తెగిపోతుంది. కాబట్టి ఇటువంటి ఇంటి పిల్లలకు పుస్తకాలు, బట్టలు మాత్రమే ఇచ్చి తల్లిని వదిలివేస్తే సహాయం సగంలోనే ఆగిపోతుంది. తల్లిని నిలబెట్టడం పిల్లవానికి చేసే మొదటి ఉపకారం.

మరి మానసిక వైద్యుడు లేని పల్లెలో ఈ పని చేయగలవారెవరు? ఈ ప్రశ్నకు పేదదేశాలే సమాధానం వెదికాయి. జింబాబ్వే రాజధాని హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుని వద్ద చికిత్స పొందుతున్న ఒక యువతి ఆత్మహత్య చేసుకొంది. ఆస్పత్రికి రావడానికి బస్సు ఛార్జీ లేక ఆమె రాలేకపోయిందని ఆయనకు తరువాత తెలిసింది. రోగి వైద్యుని వద్దకు రాలేకపోతే వైద్యమే రోగి వద్దకు వెళ్ళాలని ఆయన తలచాడు. 2006లో పెద్దగా చదువుకోని అమ్మమ్మలకు, నాయనమ్మలకు శిక్షణ ఇచ్చి ఆరోగ్యకేంద్రాల ఆవరణలో చెట్ల నీడన బల్లలపై కూర్చోబెట్టాడు. వచ్చినవారి కథను వారు తొందర లేకుండా వింటారు. తరువాత ఉన్న కష్టాలలో ఒకదాన్ని ఎంచుకొని, దానికి ఏమి చేయవచ్చో వచ్చినవారి చేతనే చెప్పిస్తారు. 2016లో వెలువడిన పరిశోధన ఈ పద్ధతి ఫలించినట్లు నిరూపించింది. మన అరుగులమీద పెద్దలు కష్టసుఖాలు వినే తీరుకు ఇది దూరమైనది కాదు. ఒక్క తేడా ఉంది: అక్కడి అమ్మమ్మలకు సలహా ముందుగా చెప్పకూడదని నేర్పారు.

పాకిస్తాన్‌లోని రావల్పిండి పల్లెలలో జరిగిన ప్రయత్నం మన విషయానికి ఇంకా దగ్గరది. అక్కడ ఇంటింటికి తిరిగే మహిళా ఆరోగ్య కార్యకర్తలకు, దిగులుతో కుంగిన గర్భిణులతో, బాలింతలతో మాట్లాడే పద్ధతి నేర్పారు. ఆతిఫ్ రెహమాన్ బృందం 2008లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, బిడ్డకు ఆరు నెలల వయస్సు వచ్చేసరికి మామూలు పద్ధతిలో చూసిన తల్లులలో 53 శాతం మందిలో ఆ దిగులు మిగిలి ఉండగా, ఈ సహాయం పొందినవారిలో 23 శాతం మందిలోనే మిగిలింది. వారి పిల్లలకు టీకాలు ఎక్కువగా అందాయి, విరేచనాలు తగ్గాయి. తల్లిదండ్రులు పిల్లలతో ఆడుకొనే సమయం పెరిగింది. అయితే బిడ్డల ఎత్తు, బరువులలో చెప్పుకోదగిన తేడా రాలేదు. మాట మనస్సును నిలబెట్టగలదు గాని గిన్నెలోకి అన్నం తేలేదని ఈ ఫలితం తెలుపుతుంది. చాపకూడు కథ చెప్పుకొనే నేలకు దీన్ని ప్రత్యేకంగా వివరించనక్కరలేదు.

ఆ అన్నానికి దారులు కొన్ని ఉన్నాయి. వితంతు పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు. పోషించే మనిషిని కోల్పోయిన పేద కుటుంబానికి జాతీయ కుటుంబ ప్రయోజన పథకం కింద 20,000 రూపాయలు ఒకసారి ఇస్తారు. మిషన్ వాత్సల్య కింద, అర్హత గల ఇటువంటి పిల్లలు తల్లి వద్దే ఉండి చదువుకోవడానికి నెలకు 4,000 రూపాయల సహాయం ఉంది. పల్లెలలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 రూపాయలకు మించకూడదు. బడి మానిన ఆడపిల్లలకు 2004లో ఆరంభమైన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఉన్నాయి. ఇన్ని ఉన్నా, దరఖాస్తు పట్టుకొని కార్యాలయం మెట్లెక్కే శక్తి ఆ తల్లికి ఆ నెలలలో ఉండదు. ఆమెతో కూడ ఒకరు వెళ్ళాలి. ఆశా కార్యకర్త కావచ్చు, పొదుపు సంఘంలోని తోటి మహిళ కావచ్చు, ఫారాలు నింపగల ఇంటర్మీడియట్ విద్యార్థి కావచ్చు.

మాట్లాడే తీరు గురించి కొంత చెప్పవలసి ఉంది. “ఏడవకు, ధైర్యంగా ఉండు” అనేకన్న పక్కన కూర్చోవడం మేలు. చనిపోయిన మనిషి పేరు ఎత్తడానికి జంకనక్కరలేదు. ఆయన మాట ఎవరూ ఎత్తకపోవడమే ఆమెను ఎక్కువగా బాధిస్తుంది. “నేనూ పోతే బాగుండును” అని ఆమె అంటే విననట్లు మాట మార్చకూడదు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా అని సూటిగా, మెల్లగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఆమెను ఒంటరిగా విడువక, పురుగుమందు ఇంట్లో లేకుండా చేసి, వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆత్మహత్యాయత్నం చేసినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగా భావించి, శిక్షకు బదులు సంరక్షణ ఇవ్వాలని చెప్పింది.

పిల్లలకు నిజం చెప్పాలి. వారి వయస్సుకు తగిన మాటలలో చెప్పాలి. “నాన్న చనిపోయాడు. ఇక తిరిగి రాడు. ఇందులో నీ తప్పు లేదు. నేను నీ దగ్గరే ఉంటాను.” నాలుగేళ్ళవానికి ఈ నాలుగు మాటలు చాలు, అయితే పదిసార్లు చెప్పవలసి వస్తుంది. తొమ్మిదేళ్ళవానికి చెప్పవలసినది వేరు. అప్పు సంగతి పెద్దలు చూసుకొంటారనీ, అతడు బడికి వెళ్ళి ఆడుకోవచ్చుననీ ఎవరో ఒకరు అతనికి తేటగా చెప్పాలి. ఆ పని తరగతి ఉపాధ్యాయుడు చేస్తే ఆ మాటకు విలువ ఎక్కువ. హాజరు పట్టీలో వరుసగా మూడు రోజులు ఖాళీ పడితే ఇంటికి వెళ్ళే ఉపాధ్యాయుడు ఆ పిల్లవానికి, పిల్లవానికన్న ఎక్కువగా ఆ తల్లికి, దన్ను అవుతాడు.

పరామర్శలు పెద్దకర్మతో ముగుస్తాయి. కష్టం మాత్రం అక్కడినుంచే మొదలవుతుంది. కల్లాల మీద మిరప ఎర్రగా ఆరే రోజులలో ఊరందరి చేతిలో డబ్బు ఆడుతుంది. అప్పులవారు ఆ ఇంటికి వచ్చేదీ అప్పుడే. తరువాత వేసవిలో కొత్త కౌళ్ళు మాట్లాడుకొంటారు. నిరుడు భర్త చేసిన రెండెకరాలను తాను చేయాలో వదలాలో ఆ తల్లి తేల్చుకోవలసి వస్తుంది. అడగడానికి మనిషి లేక కొడుకు ముఖంలోకి చూస్తుంది. ఎవరైనా ఆ గడప తొక్కవలసినది ఆ రోజులలోనే.