మేల్కొనని కంప్యూటరు – చేయవలసినవి, చేయరానివి

నేడు కంప్యూటరు కళాశాల జీవితంలో విడదీయరాని భాగమైనది. ప్రవేశ దరఖాస్తులు మొదలుకొని పరీక్షా ఫలితాల వరకు, ఉపకార వేతనాల జాబితాలు మొదలుకొని ఈ వార్షిక సంచికలోని ఉర్దూ, తెలుగు పుటల వరకు సమస్తమూ దానిలోనే భద్రపరచబడుతున్నవి. మన వరంగల్లులో 1959లో స్థాపించబడిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. ఒకప్పుడు అటువంటి పెద్ద సంస్థలకే పరిమితమైన ఈ యంత్రం, ఈనాడు ప్రతి చిన్న కళాశాల కార్యాలయంలోనూ ఒక బల్ల మీద కొలువుదీరి ఉన్నది. అయితే దానిని వాడుకొనుట నేర్చినంతగా, అది మొరాయించినప్పుడు ఎట్లు మెలగవలెనో మనము నేర్వలేదు. ఈ సంగతి మాకు స్వానుభవం వలన తెలిసివచ్చినది.

2025 అక్టోబరు 14వ తేదీతో విండోస్ 10 అనే ఆపరేటింగ్ సిస్టంకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఇస్తూ వచ్చిన సాధారణ మద్దతు ముగిసినది. ఆపరేటింగ్ సిస్టం అనగా యంత్ర భాగాలన్నింటిచేత పని చేయించే మూల వ్యవస్థ. మద్దతు ముగియుట అనగా యంత్రం ఆగిపోవుట కాదు. కొత్తగా బయటపడే లోపాలకు రక్షణ సవరణలు మామూలుగా రావని మాత్రమే దాని అర్థం. ఆ కారణం చేత మేము సంచిక పనులు జరిగే కంప్యూటరును విండోస్ 11కు మార్చదలచాము. మార్పు సగంలో ఉండి, యంత్రం తనంతట తాను ఆగి తిరిగి మొదలయ్యే వేళ కరెంటు పోయినది. యు.పి.ఎస్. బ్యాటరీ అప్పటికే క్షీణించి ఉన్నందున అది ఆదుకోలేదు. కరెంటు వచ్చిన పిదప మీట నొక్కగా, నల్లని తెర మీద తెల్లని అక్షరాలు మాత్రమే కనిపించినవి. మొదలు పెట్టదగిన పరికరమేదీ దొరకలేదని వాటి భావం.

ఆ యంత్రంలో ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ పుటలు, అను లిపిలో కూర్చిన తెలుగు పుటలు, విద్యార్థులు వ్రాసిన కవితలు, వ్యాసాలు ఉన్నవి. వేరొక చోట నకలు లేదు. పరీక్షించుటకు వచ్చిన మెకానిక్, "మొత్తం ఫార్మాట్ చేసి కొత్తగా వేస్తే గంటలో అయిపోతుందండీ" అన్నాడు. ఆ మాట విని కొందరు తల ఊపారు కూడా. ఫార్మాట్ అనగా పలక మీది వ్రాతను తుడిచివేసి, పలక బాగున్నదని సంతోషించుట వంటిది. ఆనాడు ఆ సలహాను పాటించి ఉంటే విద్యార్థుల ఏడాది శ్రమ మట్టిపాలయ్యేది.

ఇట్టి సమయంలో మొదట తెలుసుకొనవలసినది ఒకటే. కంప్యూటరు మొదలు కాకపోవుట వేరు, అందులోని సమాచారం నశించుట వేరు. ఇంటి తాళం చెవి పోయినంత మాత్రాన ఇంటిలోని సామాను పోయినట్లు కాదు. కనుక యంత్రం ఎక్కడ ఆగినదో కనుగొనుట, దానికంటె ముందు సామానును బయటికి తెచ్చుకొనుట మన కర్తవ్యం.

కంప్యూటరు మేల్కొనే విధానాన్ని ఇంగ్లీషులో బూటింగ్ అంటారు. ఇది మెట్లు మెట్లుగా జరుగుతుంది. మీట నొక్కగానే మదర్ బోర్డు మీది చిన్న చిప్‌లో నిక్షిప్తమై ఉన్న ఫర్మ్‌వేర్ ముందుగా లేచి, ప్రాసెసరు, జ్ఞాపకశక్తి, కీ బోర్డు మొదలైనవి సరిగా ఉన్నవా అని పరీక్షిస్తుంది. పాత యంత్రాలలో ఈ ఫర్మ్‌వేర్‌ను బయాస్ అని, కొత్త వాటిలో యు.ఇ.ఎఫ్.ఐ. అని వ్యవహరిస్తారు. ఇది మొదటి మెట్టు. పిదప అది డిస్కును వెదకి, అందులోని బూట్ మేనేజరు అనే చిన్న కార్యక్రమాన్ని పిలుస్తుంది. ఇది రెండవ మెట్టు. బూట్ మేనేజరు తన జాబితా చూచుకొని, విండోస్ ఏ భాగంలో ఉన్నదో తెలిసికొని, దాని మూల భాగాన్ని, డ్రైవర్లను జ్ఞాపకశక్తిలోనికి ఎక్కిస్తుంది. ఇది మూడవ మెట్టు. చివరగా మన పేరు, సంకేత పదం అడిగే తెర వస్తుంది. ఇది నాలుగవ మెట్టు.

యంత్రం ఏ మెట్టు మీద ఆగినదో దాని లక్షణాలను బట్టి గ్రహింపవచ్చును. దీపమే వెలగకపోయినా, వెలిగి బీప్ శబ్దాలు మాత్రమే వినిపించినా లోపం విద్యుత్తులోనో, భాగాలలోనో ఉన్నదని భావించవలెను. తయారీదారు చిహ్నం కనిపించి, పరికరం దొరకలేదన్న మాట వచ్చినచో లోపం రెండవ మెట్టులో ఉన్నది. చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉన్నా, నీలి తెర వచ్చినా మూడవ మెట్టులో ఏదో డ్రైవరో, ఫైలో చెడినదని ఊహింపవచ్చును. రోగం ఏ అవయవంలో ఉన్నదో తెలియకుండ మందు ఇచ్చే వైద్యుని మనము మెచ్చము గదా! యంత్రం విషయంలోనూ అంతే.

మా యంత్రం రెండవ మెట్టు మీద ఆగినది. ఫర్మ్‌వేర్ అమరికల తెర తెరచి చూడగా రెండు సంగతులు కనిపించినవి. మొదటిది, డిస్కు పేరు అందులో చక్కగా కనిపిస్తున్నది. అనగా డిస్కు సజీవంగానే ఉన్నది. రెండవది, తేదీ ఎన్నో ఏండ్ల వెనుకకు పోయినది. ఈ రెండవ గుర్తే అసలు రహస్యాన్ని విప్పినది.

మదర్ బోర్డు మీద రూపాయి బిళ్లవంటి చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది. చాలా యంత్రాలలో దాని రకం సి.ఆర్. 2032. ఇరువది మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం గలది కనుక దానికి ఆ అంకె వచ్చినది. దాని శక్తి 3 వోల్టులు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపించుట దాని పని. అనేక యంత్రాలలో ఫర్మ్‌వేర్ అమరికలను నిలుపునది కూడా అదే. మా యంత్రంలో అది ఎప్పుడో క్షీణించినది. ప్లగ్గు ఎన్నడూ తీయనందున గోడ కరెంటే ఇన్నాళ్లు ఆ లోపాన్ని కప్పిపుచ్చినది. ఆనాడు కరెంటు పోగానే యంత్రం తన అమరికలను మరచి, పాత బయాస్ పద్ధతికి మరలినది. మా డిస్కు యు.ఇ.ఎఫ్.ఐ. పద్ధతిలో ఏర్పరచినది కనుక పాత పద్ధతిలో వెదకిన యంత్రానికి అందులో దారి దొరకలేదు. నిందంతా కొత్త విండోస్ మీద పడినది. అసలు దోషం కొద్ది రూపాయల బ్యాటరీది!

అయినను మేము వెంటనే అమరికలు మార్చలేదు. ముందుగా పుటలను కాపాడుకొనవలెనని నిశ్చయించాము. మా కళాశాల చివరి సంవత్సరపు విద్యార్థి ఒకరు మరొక కంప్యూటరులో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంను పెన్ డ్రైవ్ మీదికి ఎక్కించి తెచ్చారు. దానిని డిస్కులో స్థాపించకుండానే, పెన్ డ్రైవ్ నుండే నడిపే వీలున్నది. అట్లు నడిపి, డిస్కులోని సంచిక ఫైళ్లన్నింటిని వేరొక డిస్కులోనికి నకలు చేసుకొన్నాము. ఉర్దూ పుటలు, తెలుగు పుటలు వేరొక యంత్రం మీద తెరుచుకొనుట కళ్లారా చూచిన తరువాతనే మాకు ఊపిరి కుదుటపడినది. పిమ్మట బ్యాటరీ మార్చి, అమరికను యు.ఇ.ఎఫ్.ఐ.కి త్రిప్పగా, యంత్రం సగంలో ఆగిన మార్పును రద్దు చేసుకొని తన పూర్వ రూపమైన విండోస్ 10కి తానే మరలినది. కొన్ని రోజుల తరువాత, సరియైన యు.పి.ఎస్. అమర్చి, అదే మార్పును నిర్విఘ్నంగా ముగించాము.

అందరి యంత్రాలలోనూ ఇదే లోపం ఉండదు. కనుక సాధారణంగా అనుసరింపవలసిన క్రమాన్ని ఇక్కడ తెలుపుతున్నాము. మొదట ప్రింటరు, పెన్ డ్రైవ్ వంటి బయటి పరికరాలన్నీ తీసివేసి మరల ప్రయత్నించవలెను. యంత్రం పొరపాటున పెన్ డ్రైవ్‌లోనే విండోస్‌ను వెదకుట తరచు జరిగేదే. విండోస్ వరుసగా రెండు పర్యాయాలు మొదలు కాలేకపోయినచో, సాధారణంగా మరమ్మతు తెర దానంతట అదే వస్తుంది. రానిచో మరొక యంత్రంలో విండోస్ స్థాపన పెన్ డ్రైవ్ తయారు చేసుకొని, దాని నుండి ఆ తెరను తెరువవచ్చును. అందులోని స్టార్టప్ రిపేర్‌ను ముందుగా ప్రయోగించవలెను. దానితో కుదరనిచో సేఫ్ మోడ్‌లో ప్రవేశించి, కొత్తగా వచ్చిన డ్రైవరును తొలగించవలెను. అదీ కానిచో, ఇటీవల వచ్చిన అప్‌డేట్‌ను ఆ తెర నుండే తీసివేయవచ్చును. కొత్త రూపానికి మారిన పది రోజులలోపు పాత రూపానికి మరలే సదుపాయం కూడా మామూలుగా ఉంటుంది. బూట్ ఫైళ్లే చెడినవని తేలినచో, బి.సి.డి.బూట్ అనే ఆజ్ఞ వాటిని విండోస్ ఫోల్డరు నుండి తిరిగి నిర్మిస్తుంది. ఫార్మాట్ అనునది ఈ జాబితాలో చిట్టచివరిది. అదియును నకలు చేతికి వచ్చిన తరువాతనే.

మరి రెండు హెచ్చరికలు. కొన్ని యంత్రాలలో డిస్కు బిట్‌లాకర్ అనే తాళంతో రక్షింపబడి ఉంటుంది. ఫర్మ్‌వేర్ అమరికలు మారినప్పుడు అది 48 అంకెల తాళపు సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్య లేనిదే డిస్కులోని అక్షరం కూడా చదువ వీలు లేదు. రెండవది, మన యంత్రం కొత్త విండోస్‌కు తగినదేనా అని ముందే విచారించవలెను. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే రక్షణ భాగం, కనీసం 4 గిగాబైట్ల జ్ఞాపకశక్తి, 64 గిగాబైట్ల నిల్వ స్థలం అవసరం. ఈ నియమాలను తప్పించి పాత యంత్రాలలో దొంగదారిన ఎక్కించేవారు కలరు. కాని 2024లో వచ్చిన రూపం, కొన్ని ప్రత్యేక ఆజ్ఞలు ఎరుగని మరీ పాత ప్రాసెసర్ల మీద అసలు మొదలే కాదు. అక్కడ ఏ మరమ్మతూ పనిచేయదు.

మన కళాశాల వంటి చిన్న సంస్థలకే ఇట్టి గతి పట్టునని అనుకొనరాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సాఫ్ట్‌వేర్ సంస్థ పంపిన ఒక దోషయుక్త అప్‌డేట్ వలన ప్రపంచ వ్యాప్తంగా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు నీలి తెరతో నిలిచిపోయినవని మైక్రోసాఫ్ట్ అంచనా వేసినది. ఆనాడు మన హైదరాబాదు విమానాశ్రయంలో ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇవ్వవలసివచ్చినది. అంతటి ఉపద్రవానికి విరుగుడు ఏమి? యంత్రాన్ని సేఫ్ మోడ్‌లో తెరచి, చెడిన ఆ ఒక్క ఫైలును తొలగించుట. దోషం ఉన్న చోటు తెలిసిన పిదప, డిస్కును తుడిచివేయవలసిన అవసరం కలుగలేదు.

మన నగరంలోని వేయి స్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని పునర్నిర్మాణం కొరకు 2006 ప్రాంతంలో విప్పదీశారు. విప్పే ముందు రాళ్లకు అంకెలు వేశారు. ఏండ్ల తరబడి పని సాగిన తరువాత, 2024 మార్చిలో మండపం తిరిగి ప్రజలకు అందుబాటులోకి వచ్చినది. అంకెలు వేయకుండ విప్పి ఉంటే అది రాళ్ల గుట్టగా మిగిలి ఉండేది. ఉన్నదానిని కదిలించే ముందు దాని ఆనవాలు భద్రపరచుకొనుట శిల్పికి ఎంత అవసరమో, కంప్యూటరును మార్చదలచిన మనకూ అంతే అవసరం.

కావున కళాశాల కమిటీ పెద్దలకు మా విన్నపం ఇది. కార్యాలయానికి, సంచిక గదికి ఒక్కొక్క బయటి డిస్కు ఇప్పించి, వారానికి ఒకసారి నకలు తీసే బాధ్యతను ఒకరికి అప్పగించవలెను. ఆ డిస్కును కంప్యూటరు పక్కన గాక వేరొక గదిలో ఉంచవలెను. ప్రతి యంత్రం కొన్న సంవత్సరం, బ్యాటరీ మార్చిన తేదీ, బిట్‌లాకర్ సంఖ్య ఒక రిజిస్టరులో వ్రాయించి బీరువాలో భద్రపరచవలెను. యు.పి.ఎస్. బ్యాటరీలను ఏటేటా పరీక్షింపజేయవలెను. వీటికి అయ్యే ఖర్చు స్వల్పం. ఉపకార వేతనాల జాబితా ఒక్కటి పోయినచో పేద విద్యార్థికి కలిగే నష్టం స్వల్పం కాదు.

విద్యార్థి మిత్రులారా! యంత్రం మొరాయించినప్పుడు దానిని చూచి భయపడవద్దు, తొందరపడవద్దు. తెర మీద కనిపించిన మాటను కాగితం మీద వ్రాసుకొనండి. ఏ మెట్టు మీద ఆగినదో ఆలోచించండి. నకలు తీయండి. ఆ తరువాతనే మరమ్మతుకు పూనుకొనండి. మీరిప్పుడు చదువుతున్న ఈ సంచికలోని పుటలలో అధిక భాగం ఆనాడు ఆ పెన్ డ్రైవ్ సాయంతో బయటపడినవే.