హార్డ్ డిస్క్ టక్ టక్ అంటోందా? ఫొటోలు వెనక్కి రావాలంటే ముందు ఇవి తెలుసుకోండి

పెళ్లి వీడియోలు, పాప మొదటి పుట్టినరోజు, కాలేజ్ ఫేర్‌వెల్, ఇప్పుడు లేని తాతయ్య ఫొటోలు... మనలో చాలామంది ఇళ్లలో ఇవన్నీ ఒకే ఒక్క 1టీబీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. అదేమో బీరువాలో బట్టల మధ్య ఉంటుంది. ఏడాదికోసారి తీసి ల్యాప్‌టాప్‌కి పెడతాం. ఒకరోజు పెడితే డ్రైవ్ అసలు కనిపించదు. లేదంటే కనిపిస్తుంది కానీ ‘ఫార్మాట్ చేస్తే తప్ప వాడలేరు’ అని విండోస్ ఓ బాక్స్ చూపిస్తుంది. అదీ కాదంటే లోపలి నుంచి టక్... టక్... టక్ అని చప్పుడు.

ఈ మూడూ వేర్వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి వేస్తే బతికే డిస్క్ కూడా చస్తుంది. ఫొటోలు వెనక్కి వస్తాయా రావా అన్నది చాలాసార్లు రికవరీ సాఫ్ట్‌వేర్ మీద కాదు, ప్రాబ్లమ్ వచ్చిన మొదటి గంటలో మీరేం చేశారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది.

టక్ టక్ అంటే అర్థం ఏంటి?

హార్డ్ డిస్క్ లోపల అద్దంలా మెరిసే ప్లాటర్లు నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరుగుతుంటాయి. డేటా చదివే హెడ్ వాటిని తాకదు. కొన్ని నానోమీటర్ల ఎత్తులో గాలి మీద తేలుతూ ఉంటుంది. మన వెంట్రుక మందంలో అది కొన్ని వేల వంతులో ఒక వంతు. డ్రైవ్ తిరుగుతున్నప్పుడు టేబుల్ మీద నుంచి కింద పడిందంటే హెడ్ వెళ్లి ప్లాటర్‌కి తగిలే ఛాన్స్ ఉంది.

హెడ్ దెబ్బతింటే, తను ఎక్కడ ఉందో చెప్పే గుర్తులను ప్లాటర్ మీద చదవలేదు. వెనక్కి వెళ్తుంది, మళ్లీ ట్రై చేస్తుంది, మళ్లీ వెనక్కి. మనకు వినిపించే టక్ టక్ అదే. అలా కొట్టుకుంటున్న హెడ్ ప్లాటర్‌ని గీకుతూ ఉంటే, ఆ గీత పడిన చోట ఉన్న ఫొటో ఇక ప్రపంచంలో ఎవరూ తీయలేరు. కాబట్టి ఈ సౌండ్ వస్తే కేబుల్ పీకేయండి. ‘ఇంకొక్కసారి చూద్దాం’ అనకండి.

యూట్యూబ్‌లో కనిపించే రెండు చిట్కాల గురించి కూడా చెప్పాలి. ఒకటి, డిస్క్‌ని కవర్‌లో చుట్టి ఫ్రీజర్‌లో పెట్టడం. పాతకాలం డ్రైవ్‌లకి ఎప్పుడో ఒకసారి పనిచేసిందేమో కానీ, ఇప్పటి డ్రైవ్‌ని ఫ్రీజర్‌లోంచి తీస్తే లోపల తేమ పడుతుంది. ఆ తేమ మీద హెడ్ తిరిగితే కథ ముగిసినట్టే. రెండోది, అదే మోడల్ డ్రైవ్ ఇంకోటి కొని కింద ఉన్న సర్క్యూట్ బోర్డ్ మార్చేయడం. ఇది ఒకప్పుడు నడిచేది. ఇప్పుడు బోర్డ్ మీద ఉండే చిప్‌లో ఆ ఒక్క డ్రైవ్‌కి మాత్రమే సరిపోయే సెట్టింగ్స్ ఉంటాయి, ఆ చిప్ కూడా మార్చాలి. మూత విప్పి చూడటం గురించి చెప్పనక్కర్లేదు. హెడ్ కింద ఉన్న సందుతో పోలిస్తే దుమ్ము కణం ఓ బండరాయి.

సౌండ్ లేకపోతే ఆశ ఉంది

డ్రైవ్ నిశ్శబ్దంగా ఉండి కనిపించకపోతే ముందు చవకైన అనుమానాలు తీర్చుకోండి. కేబుల్ మార్చండి. పోర్టబుల్ డ్రైవ్‌లకి వచ్చే ఆ వెడల్పాటి చిన్న పిన్ కేబుల్ తొందరగా లూజ్ అవుతుంది. హబ్ తీసేసి నేరుగా ల్యాప్‌టాప్ పోర్ట్‌కి పెట్టండి. వేరే కంప్యూటర్‌లో చూడండి. విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే అక్కడ డ్రైవ్ సరైన సైజుతో కనిపిస్తోందా? అయితే మెకానికల్‌గా పెద్ద దెబ్బ తగలకపోయి ఉండొచ్చు, ఫైల్ సిస్టమ్ మాత్రమే పాడై ఉండొచ్చు.

విండోస్ ఫార్మాట్ చేయమంటే క్యాన్సిల్ నొక్కండి. ‘స్కాన్ అండ్ ఫిక్స్’ అన్నా ఆగండి. అది ఫైల్ సిస్టమ్‌ని సరిచేయడానికి డిస్క్ మీద రాస్తుంది. మీ ఫొటోలు కాపాడటం దాని పని కాదు, డిస్క్‌ని తెరుచుకునేలా చేయడమే దాని పని.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఫ్రీ టూల్‌తో డ్రైవ్ ఆరోగ్యం చూడండి. చాలా నంబర్లు కనిపిస్తాయి, వాటిలో 05, సీ5, సీ6 అనే మూడు లైన్లు మీకు ముఖ్యం. 05 అంటే ఇప్పటికే పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు. సీ5 అంటే చదవడానికి మొరాయిస్తున్నవి. సీ6 అంటే చదవలేక చేతులెత్తేసినవి. ఈ మూడూ సున్నా ఉంటే ఊపిరి పీల్చుకోండి. సీ5 పెరుగుతూ పోతోందంటే ఆ డ్రైవ్ రోజులు లెక్కపెడుతున్నట్టే.

అలాంటి డ్రైవ్‌లోంచి మామూలుగా కాపీ పేస్ట్ చేయడం కూడా ప్రమాదమే. పాడైన సెక్టార్ తగిలిన చోట కంప్యూటర్ మొండిగా మళ్లీ మళ్లీ చదవబోతుంది, కొన ఊపిరితో ఉన్న హెడ్‌ని అక్కడే వేధిస్తుంది. దీనికోసమే లినక్స్‌లో జీఎన్‌యూ డీడీరెస్క్యూ అనే ఫ్రీ టూల్ ఉంది. ఇది తేలిగ్గా వచ్చే భాగాలన్నీ ముందు లాగేస్తుంది, ఇబ్బంది పెట్టే చోట్లను దాటేసి చివర్లో వాటి దగ్గరికి వస్తుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కాబట్టి మధ్యలో కరెంట్ పోయినా మళ్లీ మొదటికి రాదు. 1టీబీ డిస్క్‌కి ఇమేజ్ తీయాలంటే 1టీబీ కంటే ఎక్కువ ఖాళీ ఉన్న ఇంకో డ్రైవ్ కావాలి. సెకనుకి 100 ఎంబీ వేగంతో వస్తే మూడు గంటల లోపే అయిపోతుంది. పాడైన డ్రైవ్ అయితే రోజులు కూడా పట్టొచ్చు. ఒక్క జాగ్రత్త: ఏది పాత డ్రైవ్, ఏది కొత్తది అన్నది కమాండ్ కొట్టే ముందు రెండుసార్లు చూసుకోండి. తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి ఫొటోల మీద పడుతుంది.

ఇమేజ్ చేతికొచ్చాక ఇక ఒరిజినల్‌ని ముట్టుకోవద్దు. రికవరీ ప్రయోగాలన్నీ కాపీ మీదే.

వెనక్కి వచ్చేవి ఎలా వస్తాయి?

ఫైల్ డిలీట్ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా హార్డ్ డిస్క్‌లో ఫొటో వెంటనే చెరిగిపోదు. పుస్తకంలో విషయసూచిక చింపేసినట్టు, పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తది రాసేదాకా తీయొచ్చు. ఫైల్ సిస్టమ్ కొంచెం మిగిలున్నా రెకువా, టెస్ట్‌డిస్క్ లాంటివి పేర్లతో, ఫోల్డర్లతో సహా తెస్తాయి. విషయసూచిక పూర్తిగా పోతే ఫొటోరెక్ దిగుతుంది. పేరులో ఫొటో ఉన్నా వీడియోలు, డాక్యుమెంట్లు కూడా తీస్తుంది. ఫ్రీ, ఓపెన్ సోర్స్. ప్రతి జేపెగ్ ఫైల్ ఒకే రకం బైట్లతో మొదలవుతుంది కాబట్టి, డిస్క్ మొత్తం ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆ గుర్తు కోసం వెతుకుతుంది.

అయితే ఇక్కడో చిన్న షాక్. ‘ఊటీ ట్రిప్’ ఫోల్డర్ ఊటీ ట్రిప్‌గా తిరిగి రాదు. అన్నీ నంబర్ల పేర్లతో, ఫోల్డర్‌కి 500 చొప్పున, వేలకు వేలు వస్తాయి. వాటిలో సగం చిన్న చిన్న థంబ్‌నెయిల్స్. సైజ్ ప్రకారం సార్ట్ చేసి చిన్నవి పక్కన పెట్టండి. మిగతావాటిలో కెమెరా రాసిన తేదీ ఫొటో లోపలే ఎక్సిఫ్ డేటాగా ఉంటుంది. ఎక్సిఫ్‌టూల్ దాన్ని చదివి ఏడాది, నెల వారీగా ఫోల్డర్లు చేసేస్తుంది.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకి మాత్రం ఈ ట్రిక్ పనిచేయదు. వాట్సాప్ ఫొటోని కుదించేటప్పుడు ఆ ఎక్సిఫ్ సమాచారాన్ని తీసేస్తుంది. ఫైల్ పేరులో తేదీ ఉండేది కానీ, ఆ పేరు ఇప్పుడు పోయింది. ఫ్యామిలీ గ్రూప్‌లో తప్ప ఇంకెక్కడా లేని ఫొటోల విషయంలో ఇదే బాధ. ఫొటో దొరుకుతుంది, అది ఏ సంక్రాంతిదో తెలీదు. అమ్మని కూర్చోబెట్టి చీరలు చూసి గుర్తుపట్టమనడమే మార్గం. నవ్వులాట కాదు, ఇది నిజంగానే పనిచేస్తుంది.

కొన్ని ఫొటోలు పైసగం బాగుండి కింద సగం బూడిద రంగులో వస్తాయి. ఫైల్ డిస్క్‌లో ముక్కలుగా పడి ఉంటే ఫొటోరెక్ మొదటి ముక్కనే పట్టుకోగలిగిందని అర్థం. పెద్ద వీడియోలకి ఈ సమస్య ఇంకా ఎక్కువ.

ఎస్ఎస్‌డీ, ఫోన్ల సంగతి వేరు

ఎస్ఎస్‌డీలో ఫైల్ డిలీట్ చేస్తే ట్రిమ్ అనే కమాండ్ వెళ్తుంది. ఖాళీ అయిన చోటుని డ్రైవ్ కాసేపట్లోనే శుభ్రం చేసేసుకుంటుంది. అందుకే హార్డ్ డిస్క్‌లో వర్కవుట్ అయిన రికవరీ ఇక్కడ చాలాసార్లు కాదు. ఫోన్లలో దీనికి తోడు ఎన్‌క్రిప్షన్ కూడా ఉంటుంది. ప్లే స్టోర్‌లో ‘డిలీటెడ్ ఫొటోస్ రికవరీ’ అని ఊదరగొట్టే యాప్‌లు ఎక్కువగా చూపించేది ఫోన్‌లో మిగిలిపోయిన థంబ్‌నెయిల్సే. డబ్బు కట్టే ముందు ట్రాష్ చూడండి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు అక్కడ ఉంటాయి.

కెమెరా మెమరీ కార్డ్ అయితే వెంటనే తీసి పక్కన పెట్టేయండి. ఇంకో ఫొటో తీశారంటే, అది పోయిన ఫొటో నెత్తి మీదే పడొచ్చు.

షాప్‌కి ఇచ్చేముందు

టక్ టక్ డ్రైవ్‌లకి ఇంట్లో వైద్యం లేదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మనందరి సీటీసీకి వెళ్తే ‘డేటా రికవరీ’ బోర్డులు కనిపిస్తాయి. ఎక్కడికి వెళ్లినా కొన్ని ప్రశ్నలు అడగండి. హెడ్ మార్చే పని మీ దగ్గరే చేస్తారా, బయటికి పంపుతారా? డ్రైవ్ ఎక్కడ విప్పుతారు? డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు? రికవర్ అయిన ఫైళ్ల లిస్ట్ డబ్బు కట్టే ముందు చూపిస్తారా? కౌంటర్ మీదే స్క్రూడ్రైవర్ తీసి మూత విప్పబోతే డిస్క్ లాక్కుని వచ్చేయండి. ఇంట్లో ఆడవాళ్ల ఫొటోలు, ఆధార్, పాన్ స్కాన్‌లు కూడా అదే డ్రైవ్‌లో ఉంటాయి కాబట్టి, పని అయ్యాక వాళ్ల దగ్గరున్న కాపీ డిలీట్ చేస్తారా అన్నది రాతపూర్వకంగా తీసుకోవడంలో తప్పు లేదు.

బ్యాకప్: సింక్‌తో కన్ఫ్యూజ్ అవ్వొద్దు

3-2-1 రూల్ మీరు వినే ఉంటారు. ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ పాపులర్ చేశాడు. మూడు కాపీలు, రెండు రకాల స్టోరేజ్, ఒకటి ఇంటి బయట. ఫోన్ ఫొటో సగటున 4 ఎంబీ అనుకుంటే 1టీబీలో రెండున్నర లక్షల ఫొటోలు పడతాయి. అంటే రెండు డ్రైవ్‌లు కొని, ఒకటి మీ దగ్గర, ఇంకోటి ఊళ్లో అమ్మానాన్నల దగ్గర పెట్టి, పండక్కి వెళ్లినప్పుడల్లా అప్‌డేట్ చేస్తే చాలావరకు పని అయినట్టే. ఆ పనికి నా ఓటు మామూలు హార్డ్ డిస్క్‌కే. బాగా వాడి అరిగిన ఎస్ఎస్‌డీని కరెంట్ లేకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే డేటా నిలుస్తుందన్న గ్యారంటీ లేదు.

మూడోది క్లౌడ్. గూగుల్ ఫొటోస్‌లో అన్‌లిమిటెడ్ ఫ్రీ స్టోరేజ్ 2021 జూన్ 1తో అయిపోయింది. ఇప్పుడు ఉచితంగా వచ్చే 15జీబీలోనే జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నీ సర్దుకోవాలి. అది నిండితే కొత్త మెయిల్స్ కూడా రావు. ‘స్టోరేజ్ సేవర్’ పెడితే ఫొటోలు కుదించి దాస్తుంది, ఒరిజినల్ కావాలంటే సెట్టింగ్ మార్చుకోవాలి. ఇంకా ముఖ్యమైనది: యాప్‌లో ఫొటో డిలీట్ చేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ఫోన్‌లో ప్లేస్ కావాలంటే ‘ఫ్రీ అప్ స్పేస్’ వాడండి, డిలీట్ కాదు. సొంత సర్వర్ మీద ఇమ్మిచ్ పెట్టుకుంటున్న వాళ్లు కూడా పెరిగారు. బాగుంటుంది, కానీ ఒకే డిస్క్ మీద నడిచే ఇమ్మిచ్ బ్యాకప్ కాదు, మీ ఏకైక కాపీకి అందమైన యాప్ అంతే.

రెండేళ్లు ఎవరూ వాడని పర్సనల్ గూగుల్ అకౌంట్లను 2023 డిసెంబర్ నుంచి గూగుల్ తీసేయడం మొదలుపెట్టింది. ఇంట్లో పెద్దవాళ్లు పోతే వాళ్ల ఫోన్ కూడా మూలన పడుతుంది, వాళ్ల ఫొటోలూ ఆ అకౌంట్‌తోనే పోతాయి. అకౌంట్ సెట్టింగ్స్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ ఉంటుంది. నాన్న ఫోన్ చేతికి దొరికినప్పుడు, ఆయనకు చెప్పి మీ మెయిల్ అందులో పెట్టండి. రెండు నిమిషాల పని.

బ్యాకప్ తీశాక ఎప్పుడైనా తెరిచి చూశారా? 1998లో పిక్సార్‌లో ‘టాయ్ స్టోరీ 2’ ఫైళ్లు పొరపాటున డిలీట్ అయితే, బ్యాకప్‌లు సరిగ్గా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. పసిబిడ్డ ఉండటంతో ఇంటి నుంచి పనిచేస్తున్న గేలిన్ సుస్మాన్ కంప్యూటర్‌లో ఒక కాపీ ఉండబట్టి సినిమా గట్టెక్కింది. మూడు నెలలకోసారి బ్యాకప్ డ్రైవ్‌లోంచి ఓ పది ఫొటోలు, రెండు వీడియోలు వేరే కంప్యూటర్‌లో తెరవండి. పేర్లు కనిపిస్తే సరిపోదు, బొమ్మ పూర్తిగా రావాలి.

పెళ్లి దగ్గర్లో ఉన్నవాళ్లకి ఒక మాట. కరిజ్మా ఆల్బమ్ డిజైన్ అయ్యేదాకా ఒరిజినల్స్ స్టూడియో వాళ్ల డిస్క్‌లో మాత్రమే ఉంటాయి. అడ్వాన్స్ ఇచ్చేటప్పుడే మాట్లాడుకుని, పెళ్లైన వారంలోపు మీ డ్రైవ్ తీసుకెళ్లి మొత్తం కాపీ చేయించుకోండి. సెలెక్షన్ కోసం ఇచ్చే చిన్న సైజువి కాదు, కెమెరాలోంచి వచ్చిన ఫైళ్లు కావాలని అడగండి.