దండు విడిచి దస్త్రము పట్టిన మన్రో

గిద్దలూరు, కంభం, మార్కాపురం సీమలో పొలము గల ఇంట పట్టా అను మాట ఎరుగనివారు లేరు. సర్కారునకును రైతునకును నడుమ మధ్యవర్తి లేక, రైతు పేరనే పట్టా ఇచ్చి శిస్తు గైకొను రైత్వారీ పద్ధతిని ఈ సీమలో నాటినవాడు ఒక సైనికుడు. ఆయనయే సర్ థామస్ మన్రో. ఆయన చరిత్రను శ్రోతలకు సంగ్రహముగా మనవి చేయుచున్నాము.

మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి వర్తకము దెబ్బతినగా, 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి మద్రాసునకు వచ్చెను. హైదరాలీతో జరిగిన యుద్ధమున పోరాడెను. 1792లో తమిళ దేశపు బారామహలులో శిస్తు పనికి నియమింపబడుటతో ఆయన బ్రతుకు మలుపు తిరిగెను.

1800లో నిజాము కంపెనీకి ఇచ్చివేసిన దత్తమండలములకు మన్రో ప్రధాన కలెక్టరు ఆయెను. బళ్లారి, కడప ప్రాంతములతోపాటు కంభం సీమయు అందు చేరియుండెను. సుమారు 80 మంది పాలెగాండ్రను ఆయన సైనిక బలముతో అణచెను. ఆ కాఠిన్యము కంపెనీ డైరెక్టర్లకే రుచింపలేదు. పిమ్మట డేరాలలో బసచేయుచు ఊరూర తిరిగి, భూములను కొలిపించి, తరి, మెట్ట, తోట అను భేదములను బట్టి శిస్తు కట్టించెను.

అయితే ఆ శిస్తు తేలికయైనది కాదు. నూరు పాళ్ల పంటలో ఇంచుమించు 45 పాళ్లు సర్కారునకు పోవలసి వచ్చెను. వానను నమ్ముకొన్న మెట్టరైతు దానిని మోయుట ఎట్లు? మన్రో ఈ సంగతి గ్రహించి, శిస్తులో నాలుగవ వంతు తగ్గింపుడని 1807లో పైవారికి వ్రాసెను. వారు వినలేదు. ఆయన స్వదేశమునకు వెడలిన పిదప గ్రామములను మొదట మూడేండ్లకు, తరువాత పదేండ్లకు గుత్తలకిచ్చిరి. గుత్తదారులలో పెక్కుమంది చితికిపోయిరి, గ్రామములును చెడెను.

1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగి వచ్చెను. రైత్వారీ మరల నెలకొనెను. మెట్ట, తరి భూములకు నాలుగవ వంతు, తోటలకు మూడవ వంతు శిస్తు తగ్గెను. బావి తవ్వి తోట పెంచుకొన్న రైతునకు ఇది పెద్ద ఊరట. ఈ దేశస్థులకు ఉన్నతోద్యోగము లీయవలెనని కూడ 1824లో ఆయన వ్రాసెను.

1827 జూలై 6న, దత్తమండలములను చూచిపోవలెనని వచ్చిన మన్రో పత్తికొండవద్ద కలరా సోకి మరణించెను. కంభం, మార్కాపురం ప్రాంతములు 1858లో కడపనుండి కర్నూలు జిల్లాకును, 1970లో ఒంగోలు జిల్లాకును మారినవి. జిల్లాలు మారినను పట్టా నిలిచినది.

మన్రో పరప్రభుత్వ సేవకుడే. శిస్తు రాబట్టుటయే ఆయన పని. కాని తాను కట్టిన లెక్కయే అధికమని తానే ఒప్పుకొని, దిద్దుబాటు జరుగువరకు విడువలేదు. ఆ పదుమూడేండ్ల ఆలస్యమునకు మూల్యము చెల్లించినవాడు మాత్రము రైతే యని మరువరాదు.